బ్యాంకు స్టేట్‌మెంటే లెక్కల పుస్తకమా?

మూడు రోజుల్లో నాలుగుసార్లు వచ్చింది ఆ మెసేజ్. "చిన్న సర్వీసు వ్యాపారికి చిట్టా అక్కర్లేదు, మార్చి సర్దుబాట్లు అక్కర్లేదు, బ్యాంకు స్టేట్‌మెంటే మీ లెక్క" అని మొదలవుతుంది. కింద ఏడు పాయింట్లు. పంపినవాళ్ళంతా నాకు కావలసినవాళ్ళే. విజయవాడ గవర్నర్‌పేటలో కూర్చుని ఏసీ సర్వీసు వాళ్ళకీ, జిరాక్స్ షాపులకీ, ట్యూషన్ సెంటర్లకీ ఏళ్ళ తరబడి పద్దులు రాస్తున్న నన్నే "అన్నా, ఇన్నాళ్ళూ అనవసరంగా రాయించుకున్నామా?" అని అడుగుతున్నారు. అందుకే ఈ జవాబు.

మొదటి పాయింటు: "డబ్బు పోతే డెబిట్, వస్తే క్రెడిట్. మీ ఫోన్‌కి వచ్చే బ్యాంకు మెసేజే సాక్ష్యం." ఆ మెసేజ్ బ్యాంకు పుస్తకం లోంచి వస్తుంది. మీ డబ్బు వాళ్ళు మీకు తీర్చాల్సిన బాకీ కాబట్టి వాళ్ళు క్రెడిట్ అంటారు. మీ పుస్తకంలో అదే డబ్బు మీ ఆస్తి, బ్యాంకు ఖాతా డెబిట్ అవుతుంది. ఇక్కడ తిరగేసి రాస్తే ఏడాది పద్దులన్నీ తిరగబడతాయి.

రెండోది: "ఖాతాలో పడిందంతా ఆదాయమే." చీటీ పాడుకున్న డబ్బు కూడానా? బావమరిది ఇచ్చిన అప్పు? ఇంట్లోంచి మీరే తెచ్చి వేసిన ఇరవై వేలు? వీటిని ఆదాయంలో కలిపితే సంపాదించని డబ్బుకు పన్ను కడతారు.

అసలు కోపం తెప్పించింది మూడోది: "అడ్వాన్స్ వచ్చిన రోజే మీ లాభం. ధైర్యంగా వాడుకోండి." ఇది రాసినవాడు మన ఎండల్లో ఏసీ షాపు నడిచే తీరు ఒక్కసారైనా చూశాడా?

మన దగ్గర ఏసీ మెయింటెనెన్స్ కాంట్రాక్టులు ఎక్కువగా కుదిరేది మార్చిలో. లెక్కల సంవత్సరం ముగిసేదీ అప్పుడే. జీఎస్టీ పరిధిలోకి రాని ఒక షాపు అనుకుందాం. ఏడాదికి మూడు సర్వీసులు, మూడు వేలు. మార్చిలో నలభై ఇళ్ళు ఒప్పుకున్నాయి, లక్షా ఇరవై వేలు ఖాతాలో పడ్డాయి. ఆ రోజు పద్దు: బ్యాంకు ఖాతా డెబిట్ 1,20,000, ముందుగా వచ్చిన ఆదాయం ఖాతా క్రెడిట్ 1,20,000. మార్చి 31 లోపు అన్ని ఇళ్ళలో ఒక్కో సర్వీసు అయింది. అంటే మూడో వంతు పని చేశాం. సర్దుబాటు పద్దు: ముందుగా వచ్చిన ఆదాయం ఖాతా డెబిట్ 40,000, సర్వీసు ఆదాయం ఖాతా క్రెడిట్ 40,000. మిగిలిన ఎనభై వేలు ఆ నలభై ఇళ్ళకు మనం పడ్డ బాకీ. డబ్బుగా కాకపోయినా పనిగా తీర్చాల్సిందే.

భవానీపురంలో నాకు తెలిసిన ఒక మెకానిక్ ఇలాగే మార్చిలో వచ్చిన అడ్వాన్సులన్నిటినీ లాభమనుకుని కొత్త బండికి కట్టేశాడు. మే నెలలో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. కుర్రాళ్ళకు జీతాలివ్వాలి, పెట్రోలు పోయించాలి, చేతిలో రూపాయి లేదు. మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడు. పని చేతకాక కాదు, రెండు వరుసల పద్దు రాయక. "ధైర్యంగా వాడుకోండి" అన్న పెద్దమనిషి ఆ వడ్డీ కడతాడా?

ఒక్క మాట నిజాయితీగా చెప్పాలి. జీఎస్టీలో ఉన్నవాళ్ళు సర్వీసు కోసం తీసుకున్న అడ్వాన్స్ మీద పన్ను అప్పుడే కట్టాలి. సర్వీసు తర్వాత చేస్తాం కదా అని ఆపడానికి లేదు. ఆ మెసేజ్‌లో ఈ మాట కూడా ఉంది, అది సరైనదే. కానీ పన్ను కట్టే తేదీ వేరు, ఆదాయంగా రాసుకునే తేదీ వేరు. రెంటినీ కలిపేశాడు.

నాలుగు: "మార్చి జీతం ఏప్రిల్‌లో ఇస్తాం కాబట్టి ఏప్రిల్ ఖర్చు." మార్చిలో పనిచేసింది ఎవరు? జీతాల ఖాతా డెబిట్, చెల్లించవలసిన జీతాల ఖాతా క్రెడిట్. మార్చి 31న నిమిషం పని. ఏప్రిల్‌లో ఇచ్చినప్పుడు ఆ బాకీ తీరుతుంది.

ఐదు: "షాపు ఓనరుకిచ్చిన అడ్వాన్స్ ఖర్చులో రాయండి." ఖాళీ చేసిన రోజు తిరిగొచ్చే డబ్బు ఖర్చెలా అవుతుంది?

ఆరు: "తరుగుదల ఫ్యాక్టరీలకే." తప్పు. వాడేకొద్దీ తగ్గే వస్తువు విలువను ఏటా ఖర్చుగా రాసుకోవడమే తరుగుదల. ఆదాయపు పన్ను లెక్కలో కంప్యూటర్‌కు 40 శాతం, ఫర్నిచర్‌కు 10 శాతం తరుగుదల ఉంది. జిరాక్స్ షాపులో కంప్యూటర్ అరగదా?

ఏడు: "44ఏడీలో ఉంటే పుస్తకాలే అక్కర్లేదు." మనం ఆ పేరుతో పిలుచుకునే ఆదాయపు పన్ను పద్ధతిలో రెండు కోట్ల లోపు టర్నోవర్ ఉన్న చిన్న వ్యాపారి బ్యాంకు ద్వారా వచ్చినదాంట్లో 6 శాతం, నగదులో 8 శాతం ఆదాయంగా చూపిస్తే పన్ను కోసం పుస్తకాలు రాయనక్కర్లేదు. నిజమే, కాదనను. అంతేకాదు, పుస్తకాలు రాసేవాళ్ళు కూడా డబ్బు చేతికొచ్చిన రోజునే ఆదాయంగా చూపే నగదు పద్ధతిని పన్ను కోసం పాటించవచ్చు, ఏటా అదే పాటిస్తే. ఒంటరిగా కటింగ్ షాపు నడిపేవాళ్ళకు నేనే చెబుతాను, రెండు గళ్ళ నోటుబుక్కు చాలని. అక్కడ అడ్వాన్సులు లేవు, జీతాలు లేవు.

కానీ ఏసీ షాపు తమ్ముళ్ళూ, పన్ను ఆఫీసు పుస్తకం అడగదు సరే. రెండో సర్వీసుకు ఫోన్ చేసే ఆ నలభై ఇళ్ళకు ఇంకా ఎంత పని బాకీ ఉన్నారో బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఏ వరుసలో చూస్తారు?