పాస్ కొనేముందు కొండలు కాదు, శనివారాలు లెక్కపెట్టండి

మార్చి నెల. గరాజ్‌లో స్కీ బూట్ల లోపలి లైనర్లు ఇంకా తడారలేదు. పిల్లాడి గ్లవ్ ఒకటి ఎక్కడ పోయిందో ఇంకా తేలనే లేదు. అప్పుడే ఫోన్‌లో వచ్చే సీజన్ పాస్ ప్రకటన వచ్చి వాలుతుంది. ఇప్పుడు 49 డాలర్లు కడితే చాలట, మిగతాది తర్వాత చూసుకోవచ్చట, ఈ ధర మళ్లీ రాదట. అమెరికాలో స్కీయింగ్ చేసే ఇళ్లలో ఏటా ఇక్కడే చర్చ మొదలవుతుంది. ఎపిక్ తీసుకుందామా, ఐకాన్ తీసుకుందామా? ఒకసారి డబ్బు కడితే చలికాలమంతా బోలెడు స్కీ కొండలకు వెళ్లనిచ్చే పాస్‌లు ఇవి. కొలరాడోలోని డెన్వర్ చుట్టుపక్కల ఉండే మా స్నేహితుల వాట్సాప్ గ్రూపులో పెళ్లి సంబంధాల గురించి కూడా ఇంత తర్జనభర్జన జరగదు.

ఆ చర్చంతా చివరికి ఒక్క దగ్గరికే వస్తుంది. ఏ పాస్‌లో ఎక్కువ కొండలున్నాయి? నా ఉద్దేశంలో అసలు అడగకూడని ప్రశ్న అది.

ఈ పాస్‌లు ఎందుకు పుట్టాయో చూస్తే సంగతి అర్థమవుతుంది. 1998లో ఐడహోలోని బోగస్ బేసిన్ అనే చిన్న స్కీ ఏరియా 500 డాలర్ల సీజన్ పాస్‌ను ఒక్కసారిగా 199కి దించింది. జనం ఎగబడ్డారు. అదే ఏడాది కొలరాడోలో వింటర్ పార్క్ నాలుగు పాస్‌లు కలిపి 800 డాలర్లకు అమ్మింది. పక్క కొండలకూ ధర తగ్గించక తప్పలేదు. పదేళ్ల తర్వాత, 2008లో, వెయిల్ రిసార్ట్స్ అనే పెద్ద స్కీ కంపెనీ తన కొండలన్నిటికీ కలిపి 579 డాలర్లకు ఎపిక్ పాస్ తెచ్చింది. దానికి పోటీగా 2018లో ఆల్టెరా కంపెనీ ఐకాన్ పాస్‌ను దించింది. ఇంతింత తగ్గించి అమ్మడం వెనక ఒకటే కారణం. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియదంటారు. మంచు రాకడా అంతే. మంచు పడకముందే డబ్బు చేతికొస్తే, ఆ తర్వాత పడినా పడకపోయినా కంపెనీ ఏడాది గడిచిపోతుంది. ఇవాళ వెయిల్ రిసార్ట్స్ కొండల మీద స్కీయింగ్‌కు వచ్చేవాళ్లలో నాలుగింట మూడు వంతుల మంది ముందే డబ్బు కట్టేసినవాళ్లే.

అంటే వాతావరణం రిస్క్ వాళ్ల నుంచి మన నెత్తికి మారింది. ఇందులో మోసమేమీ లేదు. రిస్క్ మనం తీసుకుంటున్నాం కాబట్టే ధర తగ్గింది. కాకపోతే మనం కొంటున్నది కొండలను కాదని, ఆ రిస్క్‌నని తెలిసి కొనాలి.

ఇక గిట్టుబాటు లెక్క. అందరూ చేసేది ఒకటే. పీక్ రోజుల్లో ఆ కంపెనీ కొండ వెయిల్‌లో కౌంటర్ దగ్గర ఒక్క రోజు టికెట్ 300 డాలర్లు దాటింది. 2025-26 సీజన్‌కు పూర్తి ఎపిక్ పాస్ అమ్మకం మొదలైనప్పుడు ధర 1,051 డాలర్లు. ఐకాన్ అయితే 1,329. నాలుగైదు రోజులు వెళ్తే డబ్బులు వచ్చేసినట్టే అంటారు. కాగితం మీద తిరుగులేని లెక్క. కానీ ఆ 300 ధర పెట్టింది ఎవరు? పాస్ అమ్మేవాళ్లే. టికెట్ ధర ఎంత పెరిగితే పాస్ అంత చవగ్గా కనిపిస్తుంది. అట్ట మీద వెయ్యి అని వేసి, కొట్టేసి, ఐదొందలకు ఇస్తున్నామనే వ్యాపారి తెలివే ఇది. కాబట్టి పాస్‌ను ఆ టికెట్‌తో పోల్చకండి. పాస్ లేకపోతే నిజంగా ఏం చేసేవాళ్లో దానితో పోల్చండి. ఐదారు రోజులకు మించి వెళ్లరనుకుంటే ఎపిక్‌లోనే ఒకటి నుంచి ఏడు రోజుల వరకు విడిగా కొనుక్కునే డే పాస్ ఉంది. ఐకాన్‌లో రెండు, మూడు, నాలుగు రోజుల సెషన్ పాస్‌లున్నాయి. 2019లో మొదలైన ఇండీ పాస్‌తో చిన్న చిన్న స్వతంత్ర కొండలకు ఒక్కోదానికి రెండేసి రోజులు వెళ్లొచ్చు. అక్కడ హంగులుండవు గానీ లిఫ్ట్ దగ్గర పేరు పెట్టి పలకరించేవాళ్లుంటారు.

మొదటిసారి పెద్ద పాస్ కొన్న ఏడాది నేను ఇరవై రోజులు వెళ్తానని మా ఆవిడకు మాటిచ్చాను. వెళ్లింది ఏడు. ఒక వారం ఫ్లూ, ఒక వారం ఆఫీసులో ఆన్-కాల్, రెండు శనివారాలు పిల్లల పుట్టినరోజు పార్టీలు. మిగిలిన వాటిని ఐ-70 మింగేసింది.

ఆ హైవే సంగతి కాస్త విడిగా చెప్పుకోవాలి. డెన్వర్ నుంచి కొండల్లోకి వెళ్లాలంటే దాదాపు అందరికీ అదే దారి. శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకు అలారం. నాలుగూ యాభైకి పిల్లల్ని నిద్రలోనే సీట్లలో కూర్చోబెట్టడం. విండ్‌షీల్డ్ మీద మంచు గీకుతుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. ఐదుంబావుకు బయల్దేరితే గంటన్నరలో కొండ దగ్గరుంటాం. ఆరుంబావుకు బయల్దేరితే ఐజెన్‌హోవర్ టన్నెల్‌కు చాలా ముందే ఎర్ర లైట్ల వరస మొదలవుతుంది. గంట ఆలస్యానికి రెండు గంటల శిక్ష. సెప్టెంబర్ నుంచి మే చివరి దాకా ఆ దారిలో మోరిసన్, డాట్సెరో ఊళ్ల మధ్య ఫోర్-వీల్ డ్రైవ్ లేని కార్లకు చలికాలపు టైర్లో, చెయిన్లో ఉండాలన్న నిబంధన కూడా ఉంది. మామూలు టైర్లతో బయల్దేరితే ఫైన్ సంగతి తర్వాత, ముందు వెనక వచ్చేవాళ్ల దారి మూసేసినట్టవుతుంది. టైర్లు, పెట్రోలు, పార్కింగ్, లాడ్జిలో పిల్లలకు కొనే ఫ్రెంచ్ ఫ్రైస్, అన్నీ కలిపితే ఖర్చు తడిసి మోపెడవుతుంది. పాస్ ధర అందులో ఒక ముక్క, అంతే.

అందుకే నేను ఏ పాస్‌లో ఎన్ని కొండలున్నాయో చూడటం మానేశాను. ఇంటి నుంచి వెళ్లి రాత్రికి తిరిగి రాగలిగే కొండలు ఎన్ని, అక్కడికి నేను డ్రైవ్ చేయకుండా వెళ్లే దారి ఉందా అని చూస్తాను. డెన్వర్ యూనియన్ స్టేషన్ నుంచి వింటర్ పార్క్‌కు శీతాకాలంలో రైలు ఉంది. వీకెండ్లలో రవాణా శాఖ నడిపే స్నోస్టాంగ్ బస్సులున్నాయి. ఎపిక్‌లో స్విట్జర్లాండ్‌లోని ఆండర్‌మాట్ ఉంది, ఐకాన్‌లో జపాన్‌లోని నిసెకో ఉంది. ఉండనివ్వండి. నలుగురు మనుషులు నిసెకో వెళ్లే విమాన ఖర్చు ముందు పాస్ ధర ఓ లెక్కే కాదు.

రద్దీ గురించి మాట్లాడితే కొలరాడోలోని అరాపహో బేసిన్ కొండ కథ చెప్పాల్సిందే. 1997లో బ్రెకెన్‌రిడ్జ్, కీస్టోన్ కొండలను కొన్నప్పుడు ఈ కొండ కూడా వెయిల్ చేతికి రావాల్సింది. పోటీ దెబ్బతింటుందని అమెరికా న్యాయశాఖ పట్టుబట్టి దీన్ని వదిలించింది. యాజమాన్యం వేరైనా వెయిల్ పాస్‌లు ఇరవై ఏళ్లకు పైగా అక్కడ చెల్లాయి. 2019లో ఆ కొండవాళ్లే ఎపిక్ నుంచి బయటికొచ్చేశారు. పార్కింగ్ చాలట్లేదు, జనం మరీ ఎక్కువైపోయారు అన్నది వాళ్లు చెప్పిన కారణం. వచ్చే జనాన్ని వద్దనుకున్న వ్యాపారం ఎంత అరుదో ఆలోచించండి. తర్వాత ఐకాన్‌లో పరిమిత రోజులకు చేరారు. 2024లో ఆల్టెరా ఆ కొండనే కొనేసింది. మీకిష్టమైన కొండ ఈ ఏడాది మీ పాస్‌లో ఉందంటే పై ఏడాదీ ఉంటుందని హామీ ఏమీ లేదు.

ధర బాగా తగ్గితే మంచిదే కదా అనిపిస్తుంది. 2021లో వెయిల్ తన పాస్ ధరలు 20 శాతం తగ్గించి ఎపిక్‌ను 783కి ఇచ్చింది. ఆ చలికాలంలోనే వాషింగ్టన్ రాష్ట్రంలో స్టీవెన్స్ పాస్ అనే వెయిల్ కొండ దగ్గర సిబ్బంది చాలక సగం కొండ తెరవలేదు. 40 వేల మందికి పైగా ఫిర్యాదు పిటిషన్ మీద సంతకాలు చేశారు. 2024 డిసెంబర్ 27న, సరిగ్గా సెలవుల వారంలో, యూటాలోని వెయిల్ కొండ పార్క్ సిటీలో స్కీ పెట్రోల్, అంటే కొండ మీద భద్రత చూసే సిబ్బంది, సమ్మెకు దిగింది. గంటకు 21 డాలర్ల ప్రారంభ జీతాన్ని 23 చేయమన్నారు. దాదాపు రెండు వారాలు ఆ పెద్ద కొండలో చాలా భాగం మూతపడింది, తెరిచిన కొన్ని లిఫ్టుల దగ్గర క్యూలు కొండచిలువలా సాగాయి. రోజుకు వందల డాలర్లు పోసినవాళ్లు లైన్లోనే నిలబడ్డారు. రెండు డాలర్ల దగ్గర బేరమాడి అంత పరువు పోగొట్టుకోవడం ఏ లెక్కన లాభమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. చివరికి ఆ రోజుల్లో వచ్చినవాళ్లకు ఇచ్చిందేమిటంటే, తర్వాతి సీజన్ పాస్ కొంటే వాడుకోగలిగే క్రెడిట్. నష్టపరిహారం కావాలన్నా ఇంకోసారి కొనాలి!

కాబట్టి షరతులు చదవాలి. ఎపిక్‌లో గాయమైనా, ఉద్యోగం పోయినా, కొండ మూతపడినా కొంత డబ్బు తిరిగొచ్చే కవరేజీ పాస్‌తోనే వస్తుంది. ఐకాన్‌కైతే ఇన్సూరెన్స్ విడిగా కొనుక్కోవాలి. మంచు సరిగ్గా పడలేదంటే మాత్రం ఎవరూ పైసా ఇవ్వరు. చవక పాస్‌లలో బ్లాకవుట్ తేదీలుంటాయి, అంటే ఆ రోజుల్లో పాస్ చెల్లదు. క్రిస్మస్ వారం, జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ వీకెండ్, ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే. బడి పిల్లలున్న ఇంటికి సెలవులు దొరికేదే ఆ రోజుల్లో. పిల్లలు లేనివాళ్లకు, మంగళవారం లాప్‌టాప్ మూసేసి వెళ్లగలిగేవాళ్లకు మాత్రం అదే పాస్ బంగారం.

పిల్లల సంగతికొస్తే, ఐదో తరగతిలో ఉన్నవాళ్లకు పాస్ కొనే ముందు ఒకసారి ఆగండి. కొలరాడో, యూటా, వెర్మాంట్‌లలో ఆ వయసు పిల్లలకు రాష్ట్రంలోని చాలా కొండలకు నామమాత్రపు రుసుముతో పాస్‌పోర్ట్ అనే స్కీ పాస్ ఇస్తారు. స్కీలు, బూట్లు ఎలాగూ ఏడాదికో సైజు మారతాయి. సెప్టెంబర్‌లోనే సీజన్ రెంటల్ మాట్లాడుకుంటే సరిపోతుంది, నవంబర్‌కు మంచి సైజులన్నీ అయిపోతాయి. ఆ నవంబర్లో కొండ తెరిచిందని పరిగెత్తే పని కూడా లేదు. ఫ్యాన్లతో ఊదిన కృత్రిమ మంచు మీద ఒకే ఒక్క సన్నటి దారి, దాని నిండా జనం. పాత స్కీయర్లు దానికి తెల్లని మృత్యు రిబ్బన్ అని పేరు పెట్టారు. కొత్తగా నేర్చుకునేవాళ్లను అక్కడికి తీసుకెళ్తే మళ్లీ స్కీ మాటెత్తరు.

ఈసారి మా ఇంట్లో పాస్ కంటే ముందు ఫ్రిజ్ మీది క్యాలెండర్ దించాం. డిసెంబర్ మధ్య నుంచి మార్చి చివరి దాకా పదిహేను శనివారాలు. అందులో మా ఆవిడ డ్యూటీ ఉన్నవి మూడు, నా ఆన్-కాల్ రెండు, పిల్లాడి చెస్ పోటీ ఒకటి, సంక్రాంతి కార్యక్రమం ఒకటి. సెలవుల వీకెండ్లు మూడు ఆ రద్దీకి భయపడి మేమే కొట్టేశాం. మిగిలినవి ఐదు. పెద్ద పాస్ ట్యాబ్ మూసేసి ఇద్దరికీ చెరో ఐదు రోజుల డే పాస్ తీసుకున్నాం. పాప ఈ ఏడాది ఐదో తరగతి, దానికి పాస్‌పోర్ట్ ఉంది. పిల్లాడి రెండో గ్లవ్ మాత్రం ఇంకా దొరకలేదు.