వెల్లుల్లి నూనెతో చెవుడు పోదు: ఫ్యామిలీ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్‌కి జవాబు

వాట్సాప్ ఫ్యామిలీ గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్లీ మళ్లీ వస్తోంది. మాటలు అటూ ఇటూ మారినా సారాంశం ఇదీ: “పది వెల్లుల్లి రెబ్బలు నువ్వుల నూనెలో నల్లబడేదాకా కాచి, రోజూ రాత్రి మూడు చుక్కలు 21 రోజులు వేస్తే ఎంత పాత చెవుడైనా పోతుంది. చెవి మిషన్ పెట్టుకుంటే ఉన్న వినికిడి కూడా పోతుంది. కావాలంటే ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయలకి దొరికేది కొనుక్కోండి, పాతిక వేలదీ అదీ ఒకటే. వయసొచ్చాక వినపడకపోవడం మామూలే, టెస్టులు దండగ. ఉన్నట్టుండి చెవి మూసుకుపోతే జలుబే, పదిహేను రోజుల్లో తెరుచుకుంటుంది. మగపిల్లలకి మాటలు ఆలస్యం, ఐదేళ్లదాకా కంగారు పడొద్దు.”

మెసేజ్‌లో ఉన్న వరుసలో కాకుండా, రోజులు లెక్కపెట్టుకోవాల్సిన విషయంతో మొదలుపెడతాం.

“ఉన్నట్టుండి చెవి మూసుకుపోతే జలుబే”

చాలాసార్లు జలుబో, గులిమో కారణమన్న మాట నిజమే. కానీ రాత్రి బాగానే పడుకున్న మనిషి పొద్దున లేచేసరికి ఒక చెవి దిబ్బడేసి, అందులో హోరు పెడుతుంటే అది లోపలి చెవికి తగిలిన దెబ్బ కావచ్చు. మూడు రోజుల్లోపు, పక్కపక్కనున్న మూడు ఫ్రీక్వెన్సీల్లో 30 డెసిబెల్స్ లేదా అంతకన్నా ఎక్కువ వినికిడి పడిపోతే దాన్ని సడన్ సెన్సోరీన్యూరల్ హియరింగ్ లాస్ అంటారు. దీన్ని అత్యవసరంగా చూడాలి. మొదట ఇచ్చే మందు స్టెరాయిడ్. పెద్దవాళ్లకి సాధారణంగా కిలో బరువుకి 1 మిల్లీగ్రాము చొప్పున, రోజుకి 60 దాటకుండా ప్రెడ్నిసొలోన్ ఇస్తారు. తర్వాత మెల్లగా తగ్గిస్తారు. రెండు వారాల్లోపు మొదలుపెట్టాలి, మొదటి రెండు మూడు రోజుల్లోనే అయితే ఇంకా మేలు. “పదిహేను రోజులు చూద్దాం” అన్న సలహా సరిగ్గా ఆ రెండు వారాలనే మింగేస్తుంది.

షుగర్ ఉన్నవాళ్లకి ఈ మాత్రలతో రక్తంలో చక్కెర బాగా పెరుగుతుంది, అందుకే మెడికల్ షాపులో అడిగి కొని వేసుకోకూడదు. మాత్రలు పడనివాళ్లకి, వాటితో తగ్గనివాళ్లకి కర్ణభేరి గుండా సన్నని సూదితో మధ్యచెవిలోకే స్టెరాయిడ్ ఎక్కిస్తారు.

ఇంట్లోనే చేసుకోగల చిన్న పరీక్ష ఒకటుంది. నోరు మూసుకుని “మ్‌మ్‌మ్” అని గొంతులో రాగం తీయండి. మూసుకుపోయిన చెవి వైపే అది గట్టిగా మోగితే అడ్డు బయటి చెవిలోనో మధ్యచెవిలోనో ఉండే అవకాశం ఎక్కువ. మంచి చెవి వైపు మోగితే లోపలి చెవిని అనుమానించి ఆ రోజే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఫలితం ఎటూ తేలకపోయినా వెళ్లాల్సిందే. అక్కడ 512 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌ని నుదుటి మీద ఆనించి చూసేదీ ఇదే.

“వెల్లుల్లి నూనె 21 రోజులు”

చెవి రంధ్రం పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. అది కర్ణభేరి దగ్గర మూసుకుపోతుంది. ఆ పొర బాగుంటే చుక్కలు అక్కడే ఆగిపోతాయి. దాని వెనక మూడు బుల్లి ఎముకలు, వాటి వెనక నత్తగుల్ల ఆకారంలో కాక్లియా ఉంటాయి. శబ్దాన్ని నరానికి అందించే రోమకణాలు ఉండేది అందులోనే, పుట్టినప్పుడు ఒక్కో చెవిలో సుమారు 15 వేలు. వయసు, పెద్ద శబ్దాలు, జెంటామైసిన్, అమికాసిన్, సిస్‌ప్లాటిన్ లాంటి మందులు వాటిని చంపుతాయి. పక్షుల్లో అవి తిరిగి పుడతాయి. మనుషుల్లో పుట్టవు. వెల్లుల్లి వాటి దరిదాపులకి కూడా చేరదు.

మరి “మా అత్తయ్యకి తగ్గింది” అని చెప్పేవాళ్లు అబద్ధం చెబుతున్నారా? లేదు. ఆమె చెవిలో గట్టిపడిన గులిమి ఉండి ఉంటుంది. ఏ నూనె వేసినా అది మెత్తబడి జారుతుంది, వినపడుతుంది. అందులో వెల్లుల్లి గొప్పేమీ లేదు. దీనికి ఉల్టా కూడా జరుగుతుంది: సగం దారి మూసిన గులిమి తడికి ఉబ్బి మొత్తం మూసేస్తుంది, మర్నాడు అసలే వినపడదు. అప్పుడు పిన్నీసుతోనో బడ్‌తోనో కెలికితే గులిమి ఇంకా లోపలికి పోయి కర్ణభేరికి అతుక్కుంటుంది. డాక్టర్లు నాలుగైదు రోజులు మెత్తబరిచే చుక్కలిచ్చి, తర్వాత సక్షన్‌తో తీస్తారు, లేదా 37 డిగ్రీల గోరువెచ్చని నీటితో కడుగుతారు. ఆ 37 ఊరికే పెట్టింది కాదు. నీళ్లు చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా లోపలి చెవిలోని ద్రవం కదిలి కళ్లు గిర్రున తిరుగుతాయి.

అసలు ప్రమాదం కర్ణభేరికి చిల్లు ఉన్నవాళ్లకి. చిన్నప్పటినుంచి చెవిలో చీము కారేవాళ్లు మన ఊళ్లలో తక్కువ కాదు, వాళ్లలో చాలామందికి చిల్లు ఉన్న సంగతి కూడా తెలియదు. నూనె నేరుగా మధ్యచెవిలోకి దిగుతుంది. చీము మళ్లీ మొదలవుతుంది, లేదా బూజు పడుతుంది. లైటు వేసి చూస్తే తడిసిన న్యూస్‌పేపర్ ముక్క మీద నల్లచుక్కలు చల్లినట్టు కనిపిస్తుంది, దురద భరించలేరు. సరిగా చల్లారని నూనెతో చర్మం కాలడం, వెల్లుల్లి ఘాటుకి రేగడం దీనికి అదనం.

చెవుడు ఒకే జబ్బు కాదు, ఎక్కడ చెడిందన్నదే వైద్యాన్ని నిర్ణయిస్తుంది. గులిమి అయితే తీస్తే చాలు. కర్ణభేరి చిల్లుకి, చెవి పైనున్న కండరం మీది పల్చటి పొర తీసి అతుకు వేస్తారు. అన్నిటికన్నా చిన్న ఎముక స్టేపిస్ బిగుసుకుపోతే దానికి రంధ్రం చేసి అరమిల్లీమీటరు మందం పిస్టన్ అమరుస్తారు. దుర్వాసనతో చీము ఆగకుండా కారుతుంటే లోపల ఎముకని తినే కొలెస్టియాటోమా ఉందేమో చూడాలి, దానికి ఆపరేషన్ తప్ప దారి లేదు. రోమకణాలు పోతే మందు లేదు, మిషన్ ఉంది. అవి బొత్తిగా పోతే, ఆపరేషన్‌తో అమర్చి నరానికి నేరుగా సంకేతాలు పంపే కాక్లియర్ ఇంప్లాంట్ ఉంది.

ఎక్కడ చెడిందో తేల్చేది ఆడియోగ్రామ్. సౌండ్‌ప్రూఫ్ గదిలో 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా చేసే అరగంట పరీక్ష. కుడి చెవి ఎర్ర సున్నాలు, ఎడమ చెవి నీలం ఇంటూ గుర్తులు. హెడ్‌ఫోన్‌తో ఒకసారి (గాలి గీత), చెవి వెనక ఎముక మీద వైబ్రేటర్ పెట్టి ఇంకోసారి (ఎముక గీత) చూస్తారు. ఎముక గీత బాగుండి గాలి గీత కిందకి దిగితే లోపం బయటి చెవిలోనో మధ్యచెవిలోనో ఉన్నట్టు, చాలావరకు సరిచేయొచ్చు. రెండు గీతలూ కలిసే దిగితే లోపలి చెవి. ఈ కాగితం లేకుండా చుక్కలు వేయడం, మిషన్ కొనడం రెండూ గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

“వయసొచ్చాక మామూలే, టెస్టులు దండగ”

వయసుతో రావడం మామూలే. వదిలేయడానికి అది కారణం కాదు. ముందు పోయేవి పైస్థాయి ఫ్రీక్వెన్సీలు. అచ్చులు కిందిస్థాయిలో గట్టిగా ఉంటాయి. స, శ, త, ప, క లాంటి హల్లులు పైస్థాయిలో బలహీనంగా ఉంటాయి. అందుకే తాతయ్యకి “పాలు, చాలు, కాలు, తాలు” నాలుగూ “ఆలు” లాగే చేరుతాయి. ముందువెనకల్ని బట్టి ఊహించుకుంటారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటాం కానీ, ఈ చెవికి శంఖం శుభ్రంగా వినిపిస్తుంది. వినిపించనిది పక్కన కూర్చుని మెల్లగా అడిగిన మాట. “వినపడుతోందిరా, అర్థం కావట్లేదు” అని ఆయన అన్నప్పుడు అది అక్షరాలా నిజం. అరిస్తే అచ్చులే పెరుగుతాయి, హల్లులు పెరగవు. పైగా దెబ్బతిన్న చెవికి చిన్న శబ్దం అందదు, పెద్ద శబ్దం గుచ్చుకుంటుంది. అందుకే మెల్లగా అంటే “ఆఁ?” అనీ, గట్టిగా అంటే “ఎందుకరుస్తావ్!” అనీ అంటారు. టీవీ తగ్గించి, మీటరు దూరంలో ఎదురుగా, మీ మొహం మీద వెలుతురు పడేలా నిలబడి, మామూలు గొంతుతో నిదానంగా మాట్లాడండి.

ఊహించి ఊహించి అలసిపోయిన మనిషి మెల్లగా మాట్లాడటం మానేస్తాడు. పెళ్లిళ్లకి రానంటాడు, ఫోన్ పక్కవాళ్లకిస్తాడు. ఇంట్లోవాళ్లు “ఈమధ్య చాదస్తం ఎక్కువైంది” అంటారు. ఒంటరితనం, దిగులు, పడిపోయే ప్రమాదం అక్కణ్ణుంచే మొదలు. డిమెన్షియాకి దారితీసే, మార్చుకోగల కారణాల్లో వినికిడి లోపం పెద్దదని లాన్సెట్ కమిషన్ (లాన్సెట్ వైద్య పత్రిక వేసిన నిపుణుల బృందం) 2017 నుంచీ చెబుతోంది. అయితే “మిషన్ పెట్టుకుంటే మతిమరుపు రాదు” అని అమ్మేవాళ్ల మాటనీ యథాతథంగా నమ్మొద్దు. 2023లో వచ్చిన అచీవ్ అనే అధ్యయనంలో 70–84 ఏళ్ల 977 మందిని, కొందరికి మిషన్ ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా, మూడేళ్లు చూశారు. మొత్తం మీద తేడా తేలలేదు. ముందే ముప్పు ఎక్కువున్న వర్గంలో మాత్రం జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గే వేగం 48 శాతం మందగించింది. మిషన్ పెట్టుకోవడానికి మనవళ్ల మాట వినపడటం ఒక్కటే చాలినంత కారణం.

“చెవి మిషన్ పెట్టుకుంటే ఉన్నదీ పోతుంది”

జనం ఇలా ఎందుకంటారో అర్థం చేసుకోదగ్గదే. రోజంతా మిషన్‌తో విని రాత్రి తీసేస్తే లోకం ఒక్కసారిగా మూగబోయినట్టుంటుంది. వినికిడి తగ్గలేదు, తేడా తెలిసొచ్చిందంతే. వయసుతో వచ్చే లోపం మిషన్ ఉన్నా లేకున్నా ఏటా కాస్త పెరుగుతుంది, ఆ నింద కూడా మిషన్ మీదే పడుతుంది. నిజానికి వాడని చెవే నష్టపోతుంది. రెండు చెవుల్లో లోపం ఉండి ఒకదానికే మిషన్ పెడితే, ఏళ్ల తర్వాత రెండో చెవికి మాటల్ని పోల్చుకునే శక్తి సన్నగిల్లవచ్చు. కుదిరితే రెండు చెవులకీ పెట్టమనేది అందుకే.

ఆడియోగ్రామ్ ప్రకారం ప్రోగ్రాం చేసిన మిషన్ చిన్న శబ్దాల్ని ఎక్కువగా, పెద్ద శబ్దాల్ని తక్కువగా పెంచుతుంది, ఒక హద్దు దాటి శబ్దాన్ని వదలదు. వినికిడి చెడిపోయేది సెట్టింగ్ సరిగా లేనప్పుడు. కొన్నవాళ్లలో చాలామంది డబ్బాలో పెట్టేయడానికి కారణాలు చిన్నవే:

- మొదటి రోజే పెళ్లికి పెట్టుకుని వెళ్లడం. మొదటి వారం ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్నచోట రోజుకి రెండు మూడు గంటలు చాలు, మెల్లగా పెంచాలి. మెదడు అలవాటు పడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఈలోపు సెట్టింగ్ సరిచేయించుకోవడానికి రెండు మూడుసార్లు వెళ్లాలి.
- కుయ్‌మని కూత. చెవి రంధ్రంలో అమరే ముక్క (అచ్చు) వదులుగా ఉంది, లేదా చెవిలో గులిమి ఉంది.
- సొంత గొంతు కుండలో మాట్లాడినట్టు మోగడం. అచ్చులో గాలి రంధ్రం పెద్దది చేయిస్తే తగ్గుతుంది.
- బ్యాటరీ. జింక్-ఎయిర్ బ్యాటరీ స్టిక్కర్ తీసి మూడు నుంచి ఐదు నిమిషాలు గాలికి ఉంచి అమర్చాలి. ఒకసారి స్టిక్కర్ తీశాక వాడకపోయినా అది తరిగిపోతుంది. 10 పసుపు, 312 గోధుమ, 13 నారింజ, 675 నీలం: ఈ రంగు గుర్తుంటే షాపులో పొరపాటు జరగదు.
- చెమట. మన ఎండలకీ ఉక్కపోతకీ ఇదే పెద్ద శత్రువు. రాత్రి బ్యాటరీ తలుపు తెరిచి, సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టాలి. హెయిర్ డ్రయ్యర్ పట్టకూడదు.

“వెయ్యి రూపాయలదీ పాతిక వేలదీ ఒకటే”

వెయ్యి రూపాయలది లౌడ్‌స్పీకర్. పాలు, చాలు తేడా తెలియని తాతయ్యకి గిన్నెల చప్పుడూ, ఫ్యాను హోరూ కూడా అంతే పెంచి కొడుతుంది. ఉన్న చెవి పాడయ్యేది ఇలాంటివాటితోనే. డబ్బు ఇబ్బంది నిజమే, దానికి వేరే దారులున్నాయి. కేంద్రం 2017లో తెచ్చిన రాష్ట్రీయ వయోశ్రీ యోజనలో అర్హులైన వృద్ధులకి, అడిప్ పథకంలో ఆదాయ పరిమితి లోపు వికలాంగులకి మిషన్లు ఇస్తారు. వినికిడి లోపం ఉన్నవాళ్ల కోసం కేంద్రం నడిపే అలీ యావర్ జంగ్ సంస్థకి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న ప్రాంతీయ కేంద్రంలో పరీక్ష, మిషన్ రెండూ ఉంటాయి. రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్, ఆపైన లోపం ఉంటే 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద వికలాంగుల సర్టిఫికెట్‌కి దరఖాస్తు చేసుకోవచ్చు.

“మగపిల్లలకి ఆలస్యం, ఐదేళ్లదాకా ఆగండి”

మెసేజ్‌లో అన్నిటికన్నా చేటు చేసే మాట ఇదే. మెదడు భాషకి చోటు చేసుకునే కాలం మొదటి మూడేళ్లు. పుట్టిన నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు మిషన్ మొదలవ్వాలి. పళ్లెం మీద గరిటె కొట్టి చూసి “తిరిగాడు, వినపడుతోంది” అనుకోవడం పొరపాటు. బిడ్డ కదలికని చూసో, నేల అదురుని బట్టో తిరుగుతాడు. నిద్రలో ఉండగా కొద్ది నిమిషాల్లో అయ్యే, లోపలి చెవి స్పందనని కొలిచే ఓఏఈ పరీక్షతో మొదలుపెట్టాలి. నెలలు నిండకుండా పుట్టి ఐసీయూలో ఉన్నవాళ్లకి, పుట్టగానే పచ్చకామెర్లు తీవ్రంగా వచ్చినవాళ్లకి శబ్దం నరం గుండా మెదడుకి చేరుతోందో లేదో చూసే బెరా పరీక్ష కూడా చేయించాలి, ఎందుకంటే నరంలో ఉన్న లోపాన్ని ఓఏఈ పట్టలేదు. మేనరికం పెళ్లయినా, ఇంట్లో ఇంకెవరికైనా పుట్టు చెవుడు ఉన్నా అసలు ఆగొద్దు.

మిషన్‌తో చాలినంత వినపడని పిల్లలకి కాక్లియర్ ఇంప్లాంట్ పెడతారు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ, కేంద్రం అడిప్ పథకం, ఇలా ఖరీదైన ఈ ఆపరేషన్‌కి సాయం ఉంది. కానీ వాటిలో వయసు పరిమితి ఉంటుంది, ఐదేళ్లదాకా ఆగినవాళ్లకి తలుపు మూసుకుపోవచ్చు. ఆపరేషన్ రోజున బిడ్డకి ఏమీ వినపడదు. గాయం మానాక, మూడు నాలుగు వారాలకి బయటి ప్రాసెసర్ పెట్టి స్విచాన్ చేస్తారు. వినికిడి వయసు ఆ రోజు నుంచే లెక్క. రెండేళ్ల బిడ్డయినా ఆ రోజుకి చెవులు పుట్టిన బిడ్డే. అక్కణ్ణుంచి వారం వారం థెరపీ, నెలల తరబడి మ్యాపింగ్ (ప్రాసెసర్ సెట్టింగ్ బిడ్డకి తగ్గట్టు సరిచేయడం), ఇంట్లో రోజంతా అమ్మ మాటలు, ఇవన్నీ కలిసి మాట స్థిరపడేసరికి ఒకటి రెండేళ్లు పడుతుంది.