తనపై తానే విచారణ జరిపించుకున్న రాజు

గ్రీకు నగరం థీబ్స్‌లో రాజప్రాసాదం ముందు ఒక ముసలి గొర్రెల కాపరిని నిలబెట్టి రాజు ప్రశ్నిస్తున్నాడు. ఏళ్ల కిందట కొండమీద వదిలేసి రమ్మని ఒక పసికందును నీ చేతికిచ్చింది ఎవరు, ఆ బిడ్డ ఎవరి కన్నబిడ్డ అన్నది ప్రశ్న. కాపరికి జవాబు తెలుసు. రాజుకు కూడా ఆపాటికి ముప్పాతిక వంతు అర్థమైపోయింది. చెప్పకూడని మాట చెప్పాల్సిన చోటికి వచ్చానని కాపరి వణికిపోతాడు. నేనూ వినకూడని మాట వినాల్సిన చోటికే వచ్చాను, అయినా వినాల్సిందేనంటాడు రాజు. గ్రీకు విషాద నాటకంలోని నాయకుడు నిజంగా వీరుడా, లేక విధి చేతిలో నలిగిపోయిన అభాగ్యుడా అన్న వాదం ఎప్పటినుంచో నడుస్తోంది. ఏథెన్స్ నాటకకర్త సోఫోక్లీస్ రాసిన ‘ఈడిపస్ రాజు’ నాటకంలో ఆ ఒక్క జవాబు చదివాక నాకైతే సందేహమేమీ మిగల్లేదు. ఈడిపస్ వీరుడే. అయితే ఆ వీరత్వాన్ని మనకు ఎప్పుడూ తప్పుడు చోట చూపిస్తూ వచ్చారు.

నేను డిగ్రీ చదివే రోజుల్లో ఈ ప్రశ్నకు బజారు గైడులో పది మార్కుల జవాబు సిద్ధంగా దొరికేది. విషాద నాయకుడు ఉన్నత వంశజుడు, అన్నీ మంచి గుణాలే గానీ ఒక్క లోపం ఉంటుంది, దాని పేరు ‘ట్రాజిక్ ఫ్లా’, ఈడిపస్ విషయంలో అది ముక్కోపమూ అహంకారమూ, ఆ లోపమే అతణ్ణి కూల్చింది, చూసేవారికి జాలి, భయం కలుగుతాయి. ఎర్ర సిరాతో గీతలు గీసుకుని మేమంతా దాన్ని బట్టీపట్టాం. చాలా ఏళ్ల తరువాత నాటకాన్ని తీరిగ్గా చదివినప్పుడు ఆ జవాబుకూ నాటకానికీ ఉన్న చుట్టరికం ఎంత దూరపుదో తెలిసింది. విషాద నాయకుడి పతనానికి కారణంగా అరిస్టాటిల్ వాడిన మాట ‘హమార్టియా’. బాణం గురి తప్పడాన్ని చెప్పే క్రియనుంచి పుట్టిన మాట అది. తెలియక చేసిన పొరపాటు అని దానికి అర్థం చెప్పుకుంటే ఆయన వాక్యం చక్కగా అతుకుతుంది. శీలంలో మచ్చ అన్న అర్థాన్ని తరువాతి కాలపు వ్యాఖ్యాతలు అంటగట్టారు. కోపిష్ఠి కాబట్టి కన్నతల్లిని పెళ్లాడాడని చెప్పడంలో ఎంత తర్కముందో ఎవరికి వారే ఆలోచించుకోవచ్చు.

మనవాళ్లకు సులువుగా నచ్చే జవాబు ఇంకొకటుంది. ఈ కథ ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పి చూడండి, రాసిపెట్టి ఉంది, ఎవరు తప్పిస్తారని ఒక్క మాటలో తేల్చేస్తారు. తలరాత అనే మాటతో కథ ముగిసిపోయినట్టే ఉంటుంది గానీ, నాటకం అక్కడింకా మొదలే కాలేదు. తండ్రిని చంపుతావు, తల్లిని పెళ్లాడతావు అని డెల్ఫీలోని అపోలో గుడి దైవవాణి ఈడిపస్‌కు చెప్పిన రెండు ఘోరాలూ నాటకం ఆరంభమయ్యేనాటికే జరిగిపోయాయి. ఈడిపస్ అప్పటికే నలుగురు పిల్లల తండ్రి, ప్రజలు మనుషులందరిలో మొదటివాడిగా చూసుకుంటున్న పాలకుడు. రంగస్థలం మీద మన కళ్లెదుట జరిగేది ఒక్కటే, దర్యాప్తు. నగరాన్ని పట్టిపీడిస్తున్న మహమ్మారి పోవాలంటే, పాత రాజు లేయస్‌ను చంపినవాణ్ణి వెతికి పట్టుకుని శిక్షించాలని దైవం చెప్పింది. హంతకుణ్ణి వెతకమన్నదే తప్ప, నీ పుట్టుక ఏమిటో తవ్వి చూసుకోమని డెల్ఫీ ఎక్కడా అడగలేదు. ఆ రెండో దర్యాప్తు పూర్తిగా ఈడిపస్ సొంత పూచీ మీద నడిచింది. విధి చేయించింది గతంలో ఉంది, నాటకంలో ఉన్నది అతను చేసింది.

దాన్ని ఎలా చేశాడన్నది చూడాలి. డెల్ఫీ నుంచి తిరిగొచ్చిన బావమరిది క్రియోన్, జనం మధ్యలో చెప్పమంటారా, లోపలికి వెళ్లి మాట్లాడదామా అని అడుగుతాడు. అందరి ముందే చెప్పు, నా ప్రాణం కంటే వీళ్ల గోడే నాకు ఎక్కువ బరువు అంటాడు ఈడిపస్. మన భాషలో చెప్పాలంటే, సీల్డ్ కవర్ వద్దన్నాడు. అసలు రాజు హత్యకు గురైతే అప్పుడే ఎందుకు విచారించలేదు, ఏం అడ్డొచ్చింది అని కూడా క్రియోన్‌నే నిలదీస్తాడు. స్ఫింక్స్ అనే రాక్షసి ఊరిమీద పడింది, కాళ్ల కిందికొచ్చిన ఆపద చూసుకోవడంతోనే సరిపోయింది, ఆ చీకటి వ్యవహారాన్ని పక్కన పెట్టేశాం అన్నది క్రియోన్ సంజాయిషీ. ప్రతి కాలంలోనూ ఫైలు మూసేసే అధికారి చెప్పే మాట ఇదే. పాఠకులు ఈ క్రియోన్‌ను కాస్త గుర్తుపెట్టుకోవాలి, చివర్లో మళ్లీ వస్తాడు.

ఇప్పుడు నన్ను ఈ నాటకంలో అన్నిటికంటే ఎక్కువగా కట్టిపడేసిన చోటికి వస్తాను. జ్యోతిష్యుల మాటలు నమ్మొద్దని భర్తకు ధైర్యం చెప్పబోయిన రాణి జొకాస్టా, నా మొదటి భర్త లేయస్‌ను మూడు దారులు కలిసే చోట దొంగలు చంపారని మాటవరసకు అంటుంది. ఆ మూడు దారుల మాట వినగానే ఈడిపస్ ఉలిక్కిపడతాడు. వరసగా ప్రశ్నలు వేస్తాడు: ఆ చోటు ఎక్కడ, ఎప్పుడు జరిగింది, లేయస్ చూడటానికి ఎలా ఉండేవాడు, వెంట ఎంతమంది ఉన్నారు. మొత్తం ఐదుగురు, బండి ఒకటి. తాను అదే కూడలిలో ఒక ముసలివాణ్ణీ అతని మనుషులనూ కొట్టి చంపిన సంగతి ఈడిపస్ అక్కడికక్కడే బయటపెడతాడు. అయితే అతనికి ఒక ఆధారం మిగిలింది. బతికి బయటపడిన ఒకే ఒక్క సేవకుడు చంపినవాళ్లు దొంగలని, బహువచనంలో, ఊరందరి ముందు చెప్పి ఉన్నాడు. ఒక్కడు అనేకులతో సమానం కాలేడు కదా, అతను ఇప్పుడూ అదే మాట మీద నిలబడితే నేను హంతకుణ్ణి కాదు అంటాడు ఈడిపస్. ఏ చిన్న కోర్టులోనైనా సరే, కాస్త అనుభవమున్న వకీలు ఆ ఒక్క బహువచనాన్ని పట్టుకుని బెనిఫిట్ ఆఫ్ డౌట్ కింద కేసు కొట్టేయించగలడు.

అయినా ఆ సాక్షిని పిలిపించింది ఈడిపసే. సాక్షి వచ్చేలోగా ఈడిపస్ పెరిగిన కొరింత్ నుంచి వార్తాహరుడొకడు వచ్చి, నువ్వు తండ్రి అనుకున్న పాలిబస్ నిన్ను పెంచుకున్నవాడే తప్ప కన్నవాడు కాదని చెబుతాడు. పాదాలకు చీలలు కొట్టి ఉన్న పసిబిడ్డను తన చేతికి ఇచ్చిన కాపరి గురించి చెబుతాడు. ఆ కాపరీ, పిలిపించిన సాక్షీ ఒక్కడే. అతను వచ్చి నిలబడ్డాక, దొంగలు ఎంతమంది అన్న ప్రశ్నను ఈడిపస్ అడగనే అడగడు. తన ప్రాణం, పదవి, పరువు మూడూ వేలాడుతున్న ఆ ఒక్క కొయ్యను అతను చేత్తో ముట్టుకోడు. సోఫోక్లీస్ ఆ ప్రశ్నను మరిచిపోయాడని కొందరు పండితులు లోపంగా ఎంచారు. మరుపు అని నేను అనుకోను. నిజం తనవైపు నడిచి వస్తున్నప్పుడు సాంకేతిక కారణాన్ని అడ్డం పెట్టుకోవడం అతని స్వభావంలోనే లేదు.

ఆపేయమని అడిగినవాళ్లు తక్కువేం కాదు. గుడ్డి ద్రష్ట టైరీసియస్ నన్ను ఇంటికి పంపించెయ్యమని మొదట్లోనే బతిమాలాడు. ఈడిపస్ కంటే ముందే నిజం గ్రహించిన జొకాస్టా, దేవుళ్ల మీద ఆన, నీ ప్రాణం మీద ఏమాత్రం తీపి ఉన్నా ఇక వెతకొద్దని వేడుకుంది. చివరికి ఆ కాపరి కూడా ఇక అడగొద్దు దొరా అన్నాడు. మూడుసార్లు మూడు తలుపులు తెరిచి, ఇటు వెళ్లిపో అని చూపించారు. వెళ్లలేదు. నా కంటికి యుద్ధభూమిలో వేయిమందిని నరికిన వీరత్వం దీని పక్కన చాలా తేలికగా కనిపిస్తుంది. అక్కడ చావు ఎదుటివాడి చేతిలో ఉంటుంది, ఇక్కడ తాను అడగబోయే తరువాతి ప్రశ్నలోనే ఉంది.

అవతలి వాదం కూడా చెప్పాలి. దారిలోంచి నెట్టేయబోయారన్న కోపంతో ముసలివాణ్ణి చంపినవాడు వీరుడెలా అవుతాడు, ఆధారం లేకుండా క్రియోన్ మీదా టైరీసియస్ మీదా కుట్ర నేరం మోపాడు, నోరు విప్పని కాపరికి చేతులు విరిచి కట్టించి చిత్రహింస చూపిస్తానన్నాడు, వీటినెలా మన్నిస్తాం అంటారు. నేను మన్నించమనడం లేదు. గ్రీకుల ‘హీరోస్’ అనే మాటలో మంచివాడు అన్న అర్థం లేదు. చనిపోయాక కూడా సమాధిలోంచి ఊరిని కాపాడగల, కోపం వస్తే పీడించగల శక్తిమంతుడికి వాళ్లు ఆ పేరు పెట్టి పూజలు చేశారు. ముసలి ఈడిపస్ మరణించిన చోటు ఏథెన్స్‌కు రక్షణగా నిలుస్తుందన్నదే సోఫోక్లీస్ చివరి నాటకపు కథ. రచయిత పోయాక క్రీ.పూ. 401లో దాన్ని ప్రదర్శించారు. ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు అంటూ మన లాక్షణికులు గీసిన గళ్లలో ఈ మనిషిని కూర్చోబెట్టబోతే ఎటూ ఇమడడు.

పుట్టుక రహస్యం అనగానే తెలుగు పాఠకుడికి కర్ణుడు గుర్తుకొస్తాడు. కృష్ణుడు రహస్యం చెప్పినప్పుడు, ఈ మాట ధర్మరాజుకు తెలియనివ్వకు, తెలిస్తే రాజ్యం నాకిచ్చేస్తాడు అంటాడు కర్ణుడు. నిజాన్ని గుండెలో దాచుకోవడంలో అతని ఔన్నత్యముంది, నా కళ్లు ఆ ఘట్టం దగ్గర ఇప్పటికీ చెమరుస్తాయి. కానీ సింహాసనం మీద ఉన్నవాడికి ఆ సౌకర్యం లేదని సోఫోక్లీస్ అంటున్నట్టు తోస్తుంది. ఊళ్లో జనం చస్తున్నప్పుడు రాజు పుట్టుక రాజు సొంత వ్యవహారం అయిపోదు.

ఈ ఊహ ఆయనకు గాలిలోంచి వచ్చిందని నేననుకోను. సోఫోక్లీస్ నాటకాలు రాసుకుంటూ ఇంట్లో కూర్చున్న మనిషి కాడు. క్రీ.పూ. 443-442లో ఏథెన్స్ కూటమి ఖజానా అధికారుల్లో ఒకడు, ఆ వెంటనే ఏథెన్స్ అగ్రనేత పెరిక్లీస్‌తో పాటు సేనానుల్లో ఒకడు. ఏథెన్స్‌లో పదవి చేసిన ప్రతివాడూ ఏడాది ముగియగానే ‘యూథైనా’ అనే పరీక్షకు నిలబడాలి. వంకర సరిచేయడం అని ఆ మాటకు అర్థం. లెక్కలు అప్పజెప్పాలి, ఏ పౌరుడైనా లేచి ఫిర్యాదు చేయవచ్చు. లెక్క తేలేదాకా దేశం దాటడానికి గానీ, వీలునామా రాయడానికి గానీ వీల్లేదు. క్రీ.పూ. 430లో మహమ్మారి ఊరిని కమ్మినప్పుడు పెరిక్లీస్ అంతటివాణ్ణే పదవినుంచి దించి జరిమానా వేశారు, కొద్ది కాలానికే మళ్లీ ఎన్నుకున్నారు కూడా. పాలకుడు ప్రశ్నకు అతీతుడు కాదన్న మాట ఆ నాటకం చూడటానికి కొండవాలున కూర్చున్న జనానికి ఏటేటా కళ్లతో చూసే తంతు. ఈడిపస్‌లో వాళ్లు చూసింది, ఆ పరీక్షకు ఎవరూ పిలవకముందే తనంతట తానే వచ్చి నిలబడిన పాలకుణ్ణి.

మన విచారణల సంగతికొస్తే, 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం ప్రకారం కమిషన్‌ను వేసేది ప్రభుత్వమే, దాని పరిధి గీసేది ప్రభుత్వమే, నివేదికను ఒప్పుకోవాలో వద్దో తేల్చేదీ ప్రభుత్వమే. ఒక విధంగా ఈడిపస్ స్థానం సరిగ్గా అదే. విచారణకు ఆదేశించినవాడూ, నడిపినవాడూ, దోషిగా తేలినవాడూ ఒక్కడే. తేడా అంతా నడిపిన తీరులో ఉంది. బాబ్రీ మసీదు కూల్చివేతపై 1992 డిసెంబరులో మూడు నెలల గడువుతో వేసిన లిబర్హాన్ కమిషన్ 48 పొడిగింపుల తరువాత 2009 జూన్‌లో నివేదిక ఇచ్చింది. పదహారున్నరేళ్లు. థీబ్స్‌లో విచారణ ఒక్క పగటిపూటలో తేలింది. నాటకానికి సమయ నియమాలుంటాయి, పోలిక సరికాదని ఎవరైనా అనవచ్చు, ఒప్పుకుంటాను. అయితే విచారణ ఎందుకు ఏళ్లతరబడి సాగుతుందన్న దానికి మాత్రం ఈ నాటకం గట్టి జవాబే ఇస్తోంది. సాక్షులు దొరకకపోవడం వల్ల కాదు అలా సాగేది. అడగాల్సినవాడికి వినాలని లేనప్పుడు సాగుతుంది.

లేయస్, జొకాస్టాల కన్నబిడ్డ తానేనన్న నిజం తేలాక ఈడిపస్ చేసిన పని అందరికీ తెలిసిందే, ఉరిపోసుకున్న జొకాస్టా బట్టలనుంచి బంగారు పిన్నులు తీసి కళ్లు పొడుచుకున్నాడు. నెత్తురు కారుతున్న ముఖంతో జనం ముందుకొచ్చి, ఈ కష్టాలు తెచ్చింది అపోలో, కానీ ఈ కళ్ల మీద పడిన చెయ్యి మాత్రం నాదే అంటాడు. విధివాదులు ఈ వాక్యంలో మొదటి సగం చదివి ఆగిపోతారు. ఆ తరువాత అతను అడిగింది జాలి చూపమని అనుకుంటే పొరపాటు. హంతకుణ్ణి ఎవరూ ఇంట్లోకి రానివ్వకూడదు, పలకరించకూడదు, ఊళ్లోంచి తరిమేయాలి అని ఉదయం తాను జారీచేసిన శాసనాన్ని తనమీద అమలు చేయమని అడిగాడు. అప్పటికి అధికారం క్రియోన్ చేతిలోకి వచ్చింది. ముందుగా దేవుణ్ణి మరోసారి అడిగి తెలుసుకుని చేద్దామంటాడు క్రియోన్. దేవుడు స్పష్టంగానే చెప్పాడు కదా అని ఈడిపస్ గుర్తుచేస్తాడు. చెప్పాడు, అయినా ఇలాంటి పరిస్థితిలో మళ్లీ కనుక్కోవడమే మంచిదని కొత్త పాలకుడు ఈడిపస్‌ను ఇంటి లోపలికి తీసుకుపోతాడు. పొద్దుటినుంచీ జనం ముందే నడిచిన ఆ విచారణలో పడిన మొదటి వాయిదా అది.