ట్యూబ్‌లైటు దొరవారికి ఒక విన్నపం

మహారాజశ్రీ, హాలు గోడకు ఏడడుగుల ఎత్తున కొలువుదీరి ఇంటిల్లిపాదినీ సమదృష్టితో చూసే ట్యూబ్‌లైటు దొరవారి సముఖానికి, ఇల్లు సర్దడం, సర్దిన ఇంటిని ఫొటో తీసి నలుగురికీ చూపించడమే పనిగా పెట్టుకున్న ఒక మనిషి నమస్కరించి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి.

ముందుగా మీ ఘనతను ఒప్పుకోవడం మర్యాద. 1938లో అమెరికాలో అంగళ్లకెక్కిన మీ వంశం మా ఊళ్లకు చేరిన తరువాత మేం బియ్యంలో రాళ్లు ఏరుకున్నది మీ కిందే, పిల్లలు పదో తరగతి పరీక్షలకు చదివినది మీ కిందే, మందు సీసా మీద చీమ తలంత అక్షరాల్లో ఉన్న గడువు తేదీని తాతయ్య కూడబలుక్కున్నదీ మీ కిందే. చోకు, స్టార్టరు ఉన్న రోజుల్లో రెండుమూడుసార్లు కన్నుకొట్టి గానీ వెలగని మీ పెద్దరికాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. ఇప్పుడు ఎల్‌ఈడీ అవతారమెత్తి సన్నబడ్డారు, కరెంటు తక్కువ తింటున్నారు, సంతోషం. మీ పట్టీ వెనక కాపురముండే బల్లికి కూడా మీ దయవల్ల రాత్రి భోజనానికి లోటు లేదు. ఈ ఇంట్లో మీవల్ల ఏ లాభమూ పొందనిది ఒక్కటే ఉంది. అది నా కెమెరా.

మీ పరిపాలనలో నీడకు చోటు లేదన్నదే నా మొదటి ఫిర్యాదు. నాలుగడుగుల పొడవునా ఒకే తీరుగా వెలుగు కుమ్మరించి, తెల్ల గోడల మీద నుంచి దాన్ని మళ్లీ గదంతా పరిచి, ఏ వస్తువు గుండ్రనిదో ఏది పలకలా చదునుగా ఉన్నదో కంటికి చెప్పే ఆధారాన్నే మీరు తుడిచిపెడతారు. శ్రీకాకుళం జిల్లా బుడితి నుంచి తెచ్చిన ఇత్తడి చెంబును మీ సన్నిధిలో ఫొటో తీస్తే దాని పొట్టకు అడ్డంగా మీరే ఒక తెల్లటి విభూతి పట్టె పెట్టి, తక్కిన చెంబును పసుపు రంగు అట్టముక్కగా మార్చేస్తారు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి, మొక్కల నుంచి తీసిన రంగు కలిపిన లక్కను అద్ది చేసిన బొమ్మలు మెరుపుకే పుట్టినవి. మీరు ఆ మెరుపును కాస్తా తలతలకూ ఒక తెల్ల మచ్చగా పంచిపెడతారు. ఇక పోచంపల్లి ఇక్కత్ దిండు గలీబు సంగతి మరీ అన్యాయం. నూలుకు ముందే కట్లు కట్టి రంగులో ముంచి, ఆ తరువాత నేస్తారు గనుక నమూనా అంచులు కొంచెం అలికినట్టు ఉండటమే ఆ నేతకు అందం. పక్కనుంచి వెలుగు పడితే పోగు పోగుకూ సన్నని నీడ ఏర్పడి అది నేత అని తెలుస్తుంది. మీ కింద తీస్తే ఫోకస్ కుదరలేదేమో అని చూసేవాళ్లు నా ఫోనును జాలిగా పరామర్శిస్తారు.

నిజానికి మీరు చేసిన తప్పులకు శిక్ష అనుభవిస్తున్నది ఆ ఫోనే. ఫొటో పేలవంగా వచ్చిన ప్రతి ఇంట్లోనూ ముందు ఫోను మారుతుంది, తరువాత కర్టెన్లు మారతాయి, ఆ తరువాత గోడ రంగు మారుతుంది, చివరికి ఒక ప్లాస్టిక్ మొక్క కూడా వచ్చి చేరుతుంది. గోడ మీద మీరు మాత్రం చెక్కుచెదరరు. గది పెద్దదిగా కనిపించాలన్న ఆశతో ఎవరైనా ఫోనులోని వైడ్ లెన్సుకు మారితే అంచుల్లో ఉన్న కుర్చీలు సాగిపోవడమే కాక, ఇంతసేపూ ఫ్రేము బయట నిలబడి ఆటాడించిన మీరే స్వయంగా లోపలికి దయచేస్తారు. అలాంటి ఫొటోలో మొదట కనిపించేది మీరు, తరువాత మీ వైరు, ఆ తరువాత తీరికుంటే సోఫా. గదిని చూపించాలనుకున్నప్పుడు నాలుగడుగులు వెనక్కి జరిగి మామూలు లెన్సుతో, నడుమెత్తున కెమెరా పెట్టి, ద్వారబంధాలు నిలువుగీతకు సమంగా ఉండేట్టు తీయడమే మేలని నా అభిప్రాయం.

రంగుల విషయంలో మీ వంశ చరిత్ర కొంత తవ్వక తప్పడం లేదు. మీ పూర్వీకుల గొట్టంలో పాదరసం ఆవిరి అతినీలలోహిత కిరణాలను పుట్టిస్తే గాజు లోపలి పూత వాటిని కంటికి కనిపించే వెలుగుగా మార్చేది. ఆ వెలుగులో ఆకుపచ్చ పాలు మిక్కిలి. పాత ఫొటోల్లో పెళ్లివారందరికీ పచ్చకామెర్లు వచ్చినట్టు కనిపించడానికి వంటవాళ్లు కారణం కాదు, మీవాళ్లే. మీ ఎల్‌ఈడీ వారసుల పెట్టె మీద, వెలుగు రంగును కొలిచే కెల్విన్ లెక్కలో 6500 అని, కూల్ డేలైట్ అని రాసి ఉంటుంది. షోకేసులోని చిన్న దీపం 2700 కెల్విన్ పసుపు. కిటికీలోంచి వచ్చే పగటి వెలుగు ఆకాశం తీరును బట్టి గంట గంటకూ మారుతుంది. కెమెరా వైట్ బ్యాలెన్స్ ఒకసారికి ఒక్క వెలుగునే తెలుపుగా నమ్మగలదు. ముగ్గురు యజమానులు ఒకేసారి మూడు రకాల ఉత్తర్వులు జారీ చేస్తే ఆ పేదరాలు గోడ సగాన్ని నీలంగా, సగాన్ని పసుపుగా వదిలేసి చేతులెత్తేస్తుంది. ఆ తరువాత ఎన్ని ఫిల్టర్లు పూసినా అది సరికాదు, ఎందుకంటే ఫిల్టరు నీలాన్నీ పసుపునూ కలిపే మారుస్తుంది.

వీడియోల్లో మీ లీలలు మరో తీరు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్‌ది గనుక చోకు మీద నడిచిన మీ పెద్దలు సెకనుకు 100 సార్లు హెచ్చి తగ్గేవారు. కరెంటును మలిచి అందించే డ్రైవరు అనే భాగాన్ని చవకబారుది పెట్టిన మీ వారసులకూ ఆ అలవాటు పోలేదు. మా కళ్లు పట్టించుకోవు గానీ ఫోను సెన్సరు బొమ్మను పైనుంచి కిందికి వరుసలు వరుసలుగా చదువుతుంది, అందుచేత గోడ మీద నల్లటి చారలు పాకుతూ కనిపిస్తాయి. షట్టర్ స్పీడును, అంటే కెమెరా ఒక్కో బొమ్మకు వెలుగును తీసుకునే సమయాన్ని, సెకనులో 50వ వంతుకో 100వ వంతుకో కట్టేస్తే అవి ఆగుతాయి. మిమ్మల్ని ఆర్పినా ఆగుతాయి, ఖర్చు కూడా తక్కువ.

మీరు లేకపోతే చీకట్లో ఏం తీస్తావని అడుగుతారేమో. ఇంగ్లండులో టాల్బట్ అనే దొర 1835 ఆగస్టులో లాకాక్ ఆబీ అనే తన ఇంటి లోపలి నుంచి ఫొటో తీశాడు. ఇప్పటికి మిగిలిన నెగటివ్‌లలో అదే అన్నిటికన్నా పాతది, అందులో ఉన్నది ఒక కిటికీ. అంటే ఇళ్లను ఫొటో తీసే విద్య పుట్టిందే కిటికీ దగ్గర. మన హైదరాబాదులో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానంలో రాజా దీన్‌దయాళ్ రాజమహళ్ల లోపలి హాళ్లను, షాండ్లియర్లను, తివాచీలను, సోఫా సెట్లను గాజు నెగటివ్‌ల మీద పట్టి ఉంచాడు. గృహాలంకరణ ఫొటోలంటే ఏమిటో తెలుసుకోవాలనుకునేవాళ్లు ఆయన పని చూడవచ్చు. ఆయన 1905లో కన్నుమూశాడు, అప్పటికి మీరింకా పుట్టలేదు. కోనసీమలో మండువా లోగిళ్లు కట్టించిన పెద్దలు నడిమింటి కప్పును తెరిచి ఆకాశాన్నే ఇంట్లోకి దింపుకున్నారు, చుట్టూ ఉన్న వసారాల్లో ఏ స్తంభం పక్కన పీట వేసుకుని కూర్చున్నా మనిషికి ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ అమరేవి.

మాకు మండువా లేదు. ఉన్నది అపార్ట్‌మెంటు, అందులో ఒక కిటికీ డక్టు వైపుకు, ఒక కిటికీ పక్కింటి వంటగది వైపుకు, ఒక బాల్కనీ తలుపు. ఆ తలుపే నాకు చాలు. బల్లను దానికి దగ్గరగా, వెలుగు పక్కనుంచి పడేట్టు జరిపి, ఎండ నేరుగా పడే వేళైతే పల్చటి తెల్ల పంచెను అడ్డం కట్టి, అవతలి పక్క నీడ మరీ నల్లగా ఉంటే సినిమా షూటింగుల్లో హీరో ముఖానికి పట్టే థర్మోకోల్ అట్టలాంటిదే ఒకటి ఆనిస్తాను. గది మసకగా ఉంటే ఫోను తనంతట తాను ఐఎస్‌ఓ, అంటే వెలుగుకు స్పందించే మోతాదు, పెంచి ఫొటో నిండా ఇసుక చల్లుతుంది కాబట్టి దాన్ని ట్రైపాడ్ మీద, అది లేనినాడు స్టూలు మీద పేర్చిన పుస్తకాలకు ఆనించి, టైమరు పెట్టి, చెయ్యి తగలకుండా తీయాలి. ఉత్తరపు కిటికీలోంచి ఎండ రాదని, రోజంతా ఒకే వెలుగు ఉంటుందని యూరప్ చిత్రకారులు చెప్పిన మాటను మనవాళ్లు కొందరు అచ్చంగా అప్పజెబుతుంటారు. విజయవాడ అక్షాంశం దగ్గర మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగానే పోతాడని వాళ్లకు చెప్పేవారు లేరు. మన ఎండకు మన లెక్కే వేసుకోవాలి.

మీతో నాకు అసలు తగవు వచ్చేది సాయంత్రం పూట. బయట ఆకాశపు వెలుగు తగ్గుతూ, లోపల చిన్న పసుపు దీపాల వెలుగు దానితో సమానమయ్యే ఆ కాసేపూ గది ఫొటోకు అన్నిటికన్నా మంచి వేళ. సరిగ్గా అదే సంధ్యవేళ, అదే లక్ష్మీదేవి వచ్చే వేళ, అదే మా అత్తయ్యగారు మిమ్మల్ని వెలిగించే వేళ. “దీపాల వేళ ఇల్లు చీకటి చేసుకుని కూర్చుంటారా ఎవరైనా?” అన్న ఒక్క మాటతో నేను పేర్చుకున్న కాంతి అంతా కుప్పకూలుతుంది. ఆవిడతో వాదించే ధైర్యం నాకు లేదు, ఆ ధైర్యం ఉన్న కోడళ్ల ఇళ్లల్లో ఫొటోలు బాగా వస్తాయని కూడా నేను నమ్మను. తులసికోట ముందు, దేవుడి గూట్లో నూనె దీపాలు పెడితే ఇంట్లో దీపం వెలిగినట్టే గదా అని మనవి చేసుకుంటే ఆవిడ కాసేపు ఆలోచించి, సహస్రనామం చదివేంతసేపు మిమ్మల్ని ఆర్పి ఉంచడానికి ఒప్పుకున్నారు. విష్ణువుకు వెయ్యి నామాలు ఉన్నందుకు ఫొటోగ్రాఫర్లందరూ ఆయనకు రుణపడి ఉండాలి.

ఇంకొక ఆరోపణ ఉంది, మీరు దాన్ని అంగీకరించకపోవచ్చు. మీ కింద కూర్చుని రాయడం వల్లనో ఏమో, ఫొటో కింద మేం రాసే మాటలు కూడా మీ వెలుగులాగే తయారయ్యాయి. ప్రతి మూలా “ఆహ్లాదకరం”, ప్రతి కుండీ “ఇంటికి కొత్త శోభ”, ప్రతి బొమ్మా “సంప్రదాయం, ఆధునికతల మేలుకలయిక”. అన్నిటి మీదా ఒకే మోతాదు వెలుగు, ఎక్కడా నీడ లేదు. కొండపల్లి అంబారీ ఏనుగును చూపించినప్పుడు అది తెల్ల పొణికి అనే తేలిక చెక్కతో చేసిందని, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో తొండాన్నీ కాళ్లనూ అతికిస్తారని రాయవచ్చు. దాని వెనక కాలికి రంగు లేచిపోయిందని, ఏటేటా బొమ్మల కొలువులో పిల్లలు అక్కడే పట్టుకుని లాగుతారని కూడా రాయవచ్చు, ఆ కాలిని ఫ్రేములోంచి తప్పించకుండా ఉంచవచ్చు. మేం చేసేది మాత్రం ఆ కాలు అటు తిప్పి, మిమ్మల్ని వెలిగించి, “మా ఇంటి అందాల మూల” అని రాయడం.

కాబట్టి నా విన్నపాలు ఇవి. పగలు కెమెరా బయటికి తీసిన వేళ తమరు విశ్రాంతి తీసుకోవలసింది. సాయంత్రం సహస్రనామం ముగిసేదాకా ఓపిక పట్టవలసింది. ఆ తరువాత తెల్లవారేదాకా ఈ ఇల్లు మీదే. హోంవర్కులు, కందిపప్పులో మట్టిబెడ్డలు, మందు సీసాలు, బల్లి, అన్నీ మీ ఏలుబడిలోనే ఉంటాయి, వాటి జోలికి నేను రాను.

ఇట్లు,
తమ కింద చదువుకుని పైకొచ్చి, తమనే ఆర్పవలసి వచ్చిన,
ఒక గృహాలంకరణ ఛాయాగ్రాహకురాలు

తా.క.: స్విచ్చి బోర్డులో మీ మీట మీద ఎర్ర బొట్టుబిళ్ల అంటించింది అవమానించడానికి కాదు. ఆర్పమన్నప్పుడల్లా మామయ్యగారు ముందు ఫ్యాను ఆపేస్తున్నారు. ఎక్స్‌పోజర్ ఎక్కువసేపు ఉన్నప్పుడు కర్టెన్లు కదిలితే మసకబారతాయి గనుక న్యాయానికి ఫ్యానును కూడా ఆపవలసిందే. అయితే ఫ్యాను దొరవారికి ఆ ఉత్తరం ఎండాకాలం వెళ్లాక రాస్తాను.