లౌడ్‌నెస్ మీటరు గారి దివ్యసముఖమునకు

మహారాజశ్రీ లౌడ్‌నెస్ మీటరు గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమం. హద్దు దాటే మోతని అణిచిపెట్టే లిమిటర్ కూడా క్షేమమే, కాస్త ఆయాసపడుతోంది అంతే. పాట చెవికి ఎంత మోతగా తోచేదీ అంకెల్లో చెప్పే తమరు తెర మీద కుడి మూలన పచ్చగా వెలుగుతూ కుశలంగా ఉన్నారని కళ్లారా చూస్తూనే ఉన్నాను. నా ఆల్బమ్‌లోని ఆరంటే ఆరు పాటల మోత సరిచేయడానికి పదకొండు రాత్రులు తమరి మొహమే చూశాను. ఆ పాటల్ని ఆఖరిసారి ఎప్పుడు విన్నానో మాత్రం గుర్తు రావడం లేదు.

తమరు వేంచేయక ముందు మా గదిలో శబ్దం చేరే అత్యంత ఎత్తైన కొనని మాత్రమే కొలిచే పీక్ మీటరు రాజ్యం నడిచేది. ఆరు పాటల్నీ ఎంచుకుని, వాటి కొనల్ని ఒకే ఎత్తుకి తెచ్చే నార్మలైజ్ నొక్కితే అన్నీ ఒకే మోతలో వినబడతాయని నమ్మిన వెర్రివాణ్ణి నేను. నాలుగో పాటలో స్నేర్ డ్రమ్ మీద పడ్డ ఒకే ఒక్క దెబ్బ వెళ్లి గుమ్మానికి తల కొట్టుకుంది. ఆ పాటలో మిగతాదంతా మోకాళ్ల ఎత్తులోనే ఆగిపోయింది. గొంతూ గిటారూ తప్ప ఏమీ లేని మొదటి పాటేమో దానికంటే దర్జాగా వినబడింది. ఒక పాటకి వాల్యూమ్ పెంచడం, తర్వాతి పాటకి ఉలిక్కిపడి తగ్గించడం, ఇదీ మా ఆల్బమ్ వినే పద్ధతి. పీక్ అంటే రెప్పపాటు కూడా ఉండని సంగతనీ, చెవికి తోచే మోత దాని పోకడని బట్టి ఉండదనీ అప్పుడు తెలిసొచ్చింది.

అదిగో, అలాంటి సమయంలో తమరు అవతరించారు. వంశం గొప్పదే, కాదనను. 2006లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ వారు బీఎస్ 1770 పేరిట తమరి జాతకం రాశారు. 2010లో యూరప్ ప్రసారసంస్థల సంఘం వారు ఆర్ 128 అని పేరు పెట్టి, టీవీలో ఏదైనా సరే మైనస్ 23 లఫ్స్ (మోతకి కొలమానం; మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ మోత తక్కువ) దగ్గర కూర్చోవాలని శాసించారు. సీరియల్లో గుసగుసలు నడుస్తుండగా మధ్యలో సబ్బు ప్రకటన వచ్చి ఇల్లెగరగొట్టే రోజుల్లో తమరి లాంటి వాళ్ల అవసరం చాలానే ఉంది. అరిచేవాడి నోరు మూయించడానికి పుట్టిన మనిషి మా ఇంటికొచ్చి నన్ను అరవమని ఎందుకు ఉసిగొల్పుతున్నాడన్నదే నా ఫిర్యాదు.

పాటల్ని ఒకే మోతకి తెచ్చి వినిపించే స్పాటిఫై మైనస్ 14 అంటుంది. యాపిల్ మ్యూజిక్ మైనస్ 16 అంటుంది. నేను వినయంగా మైనస్ 14 అని గోడ మీద రాసుకుని పని మొదలుపెట్టాను. ఆ తర్వాత పేరున్న పాట ఒకటి తెచ్చి తమరి ముందు నిలబెడితే మైనస్ 8 అన్నారు. ఇంకేముంది, పులిని చూసి నక్క వాతలు పెట్టుకుంది. లిమిటర్ అణచడం మొదలుపెట్టే గీతని, అంటే థ్రెషోల్డ్‌ని, కిందికి లాగాను; కొనలు అణిగి మిగతాదంతా పైకి లేచింది. బాగుంది. ఇంకాస్త లాగాను. ఇంకా బాగుంది. లిమిటర్‌ని కాసేపు పక్కనపెట్టే బైపాస్ నొక్కి పోల్చుకున్న ప్రతిసారీ లిమిటర్ ఉన్నదే గెలిచింది. గెలవక ఏం చేస్తుంది? దాని మోత ఎక్కువ! మోత తగ్గితే మన చెవి ముందుగా బేస్‌నే పోగొట్టుకుంటుందని ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే కొలిచి గీతలు గీసి చూపించారు. రెండింటినీ ఒకే మోతకి తెచ్చి పోల్చాలన్న బుద్ధి నాకు ఏడో రాత్రికి పుట్టింది. తెచ్చి చూస్తే డ్రమ్స్‌లో దెబ్బ లేదు, అట్టపెట్టె మీద చేత్తో తట్టినట్టుంది. కిక్ డ్రమ్ పడ్డప్పుడల్లా గొంతు నీళ్లలో మునిగి లేస్తోంది.

ఇంత కష్టపడి మైనస్ 8 చేసి స్ట్రీమింగ్‌లో పెడితే జరిగిందేమిటి? వాళ్లు నింపాదిగా ఆరు డెసిబెల్స్ తగ్గించి మైనస్ 14 చేసి వినిపించారు. మోత పోయింది, అట్టపెట్టె మిగిలింది. పైగా లిమిటర్ పైహద్దుని, అంటే సీలింగ్‌ని, సున్నాకి అంటించి పెట్టానేమో, ఫైలు కుదించాక పీకులు గీత దాటి అక్కడక్కడా చిటపటలు మొదలయ్యాయి. శబ్దం నిజంగా చేరే కొనని, అంటే ట్రూ పీక్‌ని, మైనస్ 1 డెసిబెల్ దగ్గర ఆపమని చెప్పిన వాళ్లందరికీ ఈ లేఖాముఖంగా క్షమాపణలు.

సరే, బుద్ధొచ్చింది. ఆరు పాటల్నీ తమరి ఆజ్ఞ ప్రకారం ఖచ్చితంగా మైనస్ 14 దగ్గర నిలబెట్టాను. అసలు ఘోరం అప్పుడు జరిగింది.

మొదటి పాట జోలపాట. సహజంగా మైనస్ 22 దగ్గర హాయిగా పడుకుని ఉండేది. దాన్ని ఎనిమిది డెసిబెల్స్ లేపాను. లేపితే గొంతొక్కటే లేస్తుందా? పల్లవికి ముందు నేను మింగిన గుటక లేచింది. గిటారు తీగ మీద వేలు జారిన కీచు లేచింది. రెండో చరణంలో నేను వెనక్కి వాలినప్పుడు కుర్చీ కిర్రుమంది చూశారూ, అది ఇప్పుడు ఒక వాయిద్యం. వరసలో తర్వాత వచ్చే డ్రమ్స్ పాటా మైనస్ 14, ఇదీ మైనస్ 14. కానీ అక్కడ నా గొంతు వాయిద్యాల మధ్య ఒక మూల నిలబడి పాడుతోంది; ఇక్కడ ఉయ్యాల పక్కన మెగాఫోన్ పట్టుకుని పాడుతోంది. బిడ్డ నిద్రపోయే ప్రశ్నే లేదు.

అంకె ఒకటే, పాటలు మాత్రం ఒకటిగా లేవు. తమరిని అడిగితే, మాకు సంబంధం లేదు, మొత్తం మీద సగటు సరిపోయింది కదా అన్నట్టు పచ్చగా నవ్వారు.

తమరి చెవుల సంగతి కూడా కొంత తెలుసుకున్నాను. లోతైన బేస్‌ని తమరు తక్కువగా లెక్కేస్తారు. రెండు కిలోహెర్ట్జ్ పైనున్న వాటికి సుమారు నాలుగు డెసిబెల్స్ అదనంగా వేసి చూస్తారు. అందుకే మూడో పాటలో నేను బేస్ ఎంత కుమ్మరించినా తమరి ముల్లు కదలలేదు, లిమిటర్ మాత్రం రొప్పుతూ కూర్చుంది. తప్పు నాదేనని మిక్స్‌లోకి వెళ్లి బేస్ తగ్గించాక గానీ దానికి ఊపిరాడలేదు.

ఇంకో నేరం కూడా ఒప్పుకోవాలి. డ్రమ్స్ పాట సగటు తగ్గి కనబడుతుందేమోనని దాని చివర ముప్పై సెకన్ల నిశ్శబ్దం అంటించాను. తమరు చలించలేదు. మైనస్ 70 లఫ్స్ కింద ఉన్నదాన్ని అసలు లెక్కలోకే తీసుకోరట, పాట సగటుకి పది యూనిట్లు కింద పడ్డదాన్నీ వదిలేస్తారట. అంత తెలివైన వారు కుర్చీ చప్పుణ్ణి ఎందుకు కనిపెట్టలేకపోయారో!

నిన్న రాత్రి తమరికి చెప్పకుండా ఒక పని చేశాను. తెర మీది తమరి కిటికీ మూసేశాను. స్పీకర్ల వాల్యూమ్ బాగా తగ్గించి, నాలుగో పాట పల్లవి పెట్టుకుని గొంతు ఎక్కడుందో విన్నాను. వెంటనే జోలపాట పల్లవిలోకి దూకాను. గొంతు మీదికొచ్చింది, తగ్గించాను. మళ్లీ ఇటు దూకాను, మళ్లీ తగ్గించాను. ఆరు పాటల్లోనూ పాడే మనిషి ఒకే గదిలో ఒకే చోట నిలబడ్డట్టు తోచేదాకా ఇదే పని. చెవి అలిసినట్టనిపిస్తే లేచి కిటికీ దగ్గర కాసేపు నిలబడ్డాను. మొత్తం కలిపి గంటన్నర.

తర్వాత తమరిని పిలిచి చూపించాను. డ్రమ్స్ పాట మైనస్ 13.6. జోలపాట మైనస్ 17.5. తమరి మొహం మాడిపోయింది, గమనించాను. ఆల్బమ్‌ని వరసగా వింటే స్పాటిఫై పాటల మధ్య తేడాని కదపదు, అంతటినీ కలిపే పైకో కిందికో జరుపుతుంది. కాబట్టి ఆ నాలుగు డెసిబెల్స్ విషయంలో నా మాటే చెల్లుతుంది. ఒక్కో పాట విడిగా వినేవాళ్ల దగ్గర ఎలాగూ తమరి మాటే చెల్లుతుంది. పంపకం సబబుగానే ఉందనుకుంటాను.

ట్రూ పీక్ ఎంతుందో చెప్పడానికి తమరి సేవలు ఇకపైనా అవసరమే. ఆఖరి రోజున కబురు పెడతాను, అందాకా విశ్రాంతి తీసుకోగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
పక్కగదిలో పరుపు నిలబెట్టి పాడే గాయకుడు

తా.క.: కుర్చీకి నూనె వేశాను. రెండో చరణం మళ్లీ పాడాలి.