తొలిసారి వినేవాళ్ళకు లైసెన్సు పెట్టాలి

సంగీతం వినేవాళ్ళలో క్రమశిక్షణ తగ్గిపోతోందని పెద్దలు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు. మనం చెవిన పెట్టలేదు. ఇప్పుడు అనుభవిస్తున్నాం. మొన్న ఒక కుర్రాడు కింగ్ క్రిమ్సన్ అనే ఇంగ్లీషు రాక్ బ్యాండ్ మొట్టమొదటి ఆల్బం 'ఇన్ ద కోర్ట్ ఆఫ్ ద క్రిమ్సన్ కింగ్' జీవితంలో మొదటిసారి విని, హెడ్‌ఫోన్స్ తీస్తూనే "బాగుంది, నాలుగో పాటే కొంచెం బోరు" అనేశాడు. నలుగురిలో ఉన్నానన్న బెరుకు లేదు. గొంతులో వణుకు లేదు. ప్రోగ్రెసివ్ రాక్‌లో (జాజ్, శాస్త్రీయ సంగీతం కలుపుకుని పాటల్ని పొడుగ్గా సాగదీసే రాక్; ముద్దుగా ప్రోగ్) తలపండిన పెద్దమనిషి ఒకాయన పక్కనే ఉన్నారు. ఆ మాట విని కళ్ళు మూసుకున్నారు. మామూలుగా ఆయన మెలోట్రాన్ అనే టేపుల కీబోర్డు వినిపించినప్పుడు కళ్ళు మూసుకుంటారు. ఈసారి కారణం వేరు.

కుర్రాణ్ణి నేను తప్పుపట్టను. తప్పంతా వ్యవస్థది. బండి నడపాలంటే లైసెన్సు అడిగే ప్రపంచం, 1969 అక్టోబరు 10న విడుదలై, ఐదే పాటలతో దాదాపు 44 నిమిషాలు సాగే ఈ రికార్డును మాత్రం ఎవరు పడితే వాళ్ళకు వదిలేసింది. 2019లో కింగ్ క్రిమ్సన్ ఆల్బంలు స్ట్రీమింగ్‌లోకి కూడా వచ్చేయడంతో పరిస్థితి పూర్తిగా చేయి దాటిపోయింది. పూర్వం రికార్డు వెతుక్కునే దశలోనే సగంమంది విరమించుకునేవాళ్ళు. అదొక వడపోత. ఇప్పుడు అదీ లేదు. కాబట్టి తొలి శ్రవణానికి అర్హతలు నిర్ణయించే మండలి ఒకటి వెంటనే ఏర్పాటు చేయాలని సమస్త దేశాల ప్రభుత్వాలకూ మనవి చేస్తున్నాను. వాళ్ళకు శ్రమ ఎందుకని ముసాయిదా నేనే సిద్ధం చేశాను.

ముందుగా ఒక బ్యాండ్ మొదటి ఆల్బం ఏదో తేల్చాలి. అన్నిటికన్నా ముందు వచ్చినదే మొదటిది అని అమాయకులు అనుకుంటారు. ప్రోగ్‌లో అలా కుదరదు. జెనెసిస్ సంగతే చూడండి. 1969 మార్చిలో వాళ్ళ తొలి ఆల్బం 'ఫ్రమ్ జెనెసిస్ టు రెవెలేషన్' వచ్చింది. అదే పేరుతో అమెరికాలో ఇంకో బ్యాండ్ ఉందని తెలిసి అట్ట మీద బ్యాండ్ పేరు వేయలేదు. నల్లటి అట్ట, దాని మీద బంగారు రంగు అక్షరాల్లో ఆల్బం పేరు, అంతే. కొన్ని దుకాణాల వాళ్ళు అది చూసి ఏదో బైబిల్ వ్యవహారం అనుకుని మతసంబంధమైన రికార్డుల అరలో పెట్టేశారు. నేటికీ జెనెసిస్ భక్తులు దాన్ని అక్కడే ఉంచితే బాగుండుననుకుంటారు. అది తమ బ్యాండ్ మొదటి ఆల్బమే కాదని, అసలు లెక్క 1970 నాటి 'ట్రెస్‌పాస్' నుంచి మొదలవుతుందని వాదిస్తారు. రష్ అభిమానులదీ ఇదే దారి. 1974 నాటి తొలి ఆల్బంలో డ్రమ్స్ వాయించింది జాన్ రట్సీ. నీల్ పియర్ట్ ఆ తర్వాత వచ్చాడు. పియర్ట్ లేని రష్‌ను రష్‌గా గుర్తించరు కాబట్టి రెండోదే మొదటిది. యెస్ తొలి ఆల్బంలో బీటిల్స్ పాట ఒకటి, బర్డ్స్ పాట ఒకటి అరువు తెచ్చుకుని పాడారని ఎవరైనా గుర్తు చేస్తే పెద్దలు నీళ్ళు నములుతారు.

ఈ గందరగోళంలో కింగ్ క్రిమ్సన్ ఒక్కటే నిలబడింది. మొదట వచ్చినదే మొదటిదని అందరూ ఒప్పుకున్న అరుదైన సందర్భం ఇది. 1969 జనవరిలో సాధన మొదలుపెట్టారు. ఏప్రిల్‌లో లండన్‌లోని స్పీక్ ఈజీ క్లబ్బులో వాయించారు. జులై 5న హైడ్ పార్క్‌లో, రోలింగ్ స్టోన్స్ కోసం వచ్చిన లక్షల జనం ముందు నిలబడ్డారు. మూడీ బ్లూస్ నిర్మాత టోనీ క్లార్క్‌తో రికార్డింగ్ కుదరకపోతే, ఆయన్ని పక్కనపెట్టి వెసెక్స్ స్టూడియోలో తామే నిర్మాతలై కూర్చున్నారు. అక్టోబరు కల్లా ఆల్బం బజార్లో ఉంది. బ్రిటన్ చార్టుల్లో ఐదో స్థానం దాకా వెళ్ళింది. డిసెంబరులో అమెరికా పర్యటన సాగుతుండగానే సాక్సఫోన్, ఫ్లూటు వాయించే ఇయన్ మెక్‌డొనాల్డ్, డ్రమ్స్ వాయించే మైకేల్ జైల్స్ తాము వెళ్ళిపోతున్నామన్నారు. మరుసటి ఏడాది గాయకుడు గ్రెగ్ లేక్ కూడా ఇంకో బ్యాండ్ పెట్టుకోవడానికి వెళ్ళిపోయాడు. బ్యాండ్ పుట్టడం, చరిత్ర సృష్టించడం, చెల్లాచెదురు కావడం అన్నీ కలిపి ఏడాది పని.

ఇక్కడ వయసు ప్రసక్తి తేక తప్పదు. ఆల్బం వచ్చేనాటికి గ్రెగ్ లేక్‌కు 21 ఏళ్ళు. గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్‌కూ మెక్‌డొనాల్డ్‌కూ 23. అంటే ఈ ఆల్బం మీద అభిప్రాయం చెప్పడానికి నేను ముసాయిదాలో పెట్టిన కనీస వయసు కంటే చాలా తక్కువ. ఆ కుర్రాళ్ళు అదే వయసులో ఇవాళ వచ్చి "మేము ఇది చేశాం, ఎలా ఉంది?" అని అడిగితే, "ముందు ఓ పదేళ్ళు బాగా విని రండి బాబూ" అని పంపించేవాళ్ళం.

అర్హత సంపాదించిన అభ్యర్థి తర్వాత తేల్చుకోవలసింది ఏ ప్రతిని వినాలన్నది. మాస్టర్ టేపు దశాబ్దాల పాటు కనబడకుండా పోయి, ఈ శతాబ్దం మొదట్లో దొరికింది. మధ్యకాలంలో వచ్చిన ఎన్నో ముద్రణలు నకలు టేపుల నుంచి తీసినవే. అప్పట్లో వాటిని విని పరవశించి, "ఇంత స్వచ్ఛమైన ధ్వని ఈ భూమ్మీద లేదు" అన్న పెద్దల పరవశం చెల్లుతుందా, చెల్లదా? ఈ ప్రశ్న అడిగినందుకు నన్ను ఇప్పటికే రెండు సమావేశాలకు పిలవడం మానేశారు. ఐలండ్ కంపెనీ గులాబీ రంగు లేబుల్‌తో వేసిన తొలి ముద్రణ ఉన్నవాళ్ళు మాత్రం ఈ చర్చలో పాల్గొనరు. వాళ్ళు నవ్వి ఊరుకుంటారు.

అట్టను ఎదుర్కోవడం మరో పరీక్ష. ముందువైపు పేరు లేదు, ఊరు లేదు. ముక్కు రంధ్రాలు, గొంతులో కొండనాలుక కనబడేలా అరుస్తున్న ఎర్రటి ముఖం. వేసినవాడు బ్యారీ గాడ్బర్ అనే కంప్యూటర్ ప్రోగ్రామర్. ఆల్బం వచ్చిన కొద్ది నెలలకే, 24 ఏళ్ళకే గుండెపోటుతో పోయాడు. ఆ ముఖం గురించి మాత్రం నాకు వేళాకోళం చేయబుద్ధి కాదు. యాభై ఏళ్ళ తర్వాత కూడా అది చూసినవాణ్ణి చూసినట్టే ఆపుతుంది. అట్ట విప్పితే లోపల ఇంకో ముఖం నవ్వుతూ ఉంటుంది. ఆ నవ్వును చేత్తో మూసి కళ్ళు మాత్రం చూస్తే అంతులేని దిగులు కనిపిస్తుందని ఫ్రిప్ చెప్పాడు. ఫోన్‌లో వినేవాళ్ళ బొటనవేలు ఆ బొమ్మ మొత్తాన్నీ మూసేస్తుంది. అందుకే వాళ్ళకు ఏ భావమూ కనిపించడం లేదు.

అట్ట లోపలి పేర్లు చదివేటప్పుడు అభ్యర్థులు పీటర్ సిన్‌ఫీల్డ్ దగ్గర ఆగిపోతున్నారని గమనించాం. ఆయన ఏ వాద్యమూ వాయించలేదు, పాడలేదు. ఆయన పేరు పక్కన మాటలు, వెలుతురు అని ఉంటుంది. పాటలు రాసి, కచేరీల్లో లైట్లు చూసుకున్న మనిషి. రికార్డులో వెలుతురు ఎలా వినిపిస్తుందని అడిగిన అభ్యర్థిని అక్కడికక్కడే తిప్పి పంపాలి. గదిలో దీపాలన్నీ ఆర్పేసి, కళ్ళు మూసుకుని, వెలుతురు వేసినాయన పనితనాన్ని ఆస్వాదించగలిగితేనే ప్రోగ్ వంటబట్టినట్టు.

ఇక వినడం. మొదటి పాట 'ట్వంటీ ఫస్ట్ సెంచరీ స్కిట్సాయిడ్ మ్యాన్' దాదాపు అరనిమిషం పాటు వినీవినపడని గాలి చప్పుడులాంటి దానితో మొదలవుతుంది. తొలిసారి వినేవాడు సౌండ్ తక్కువగా ఉందనుకుని పెంచుతాడు. అయినా ఏమీ లేదు. ఇంకొంచెం పెంచుతాడు. సరిగ్గా అప్పుడు గిటారూ, సాక్సఫోనూ, డ్రమ్సూ కలిసికట్టుగా మీద పడతాయి. ఈ ఒక్క ఘట్టంలో మాత్రం పెద్దలూ పిన్నలూ సమానం. ఎంత తలపండినవాడైనా తొలిసారి ఉలిక్కిపడ్డాడు. కాకపోతే పెద్దలు దాన్ని "ఒక మేలుకొలుపు" అని రాసుకున్నారు. పాట మధ్యలో నలుగురూ ఒక్క మనిషిలా పరుగెత్తి, ఒక్క మనిషిలా ఆగి, చిన్న నిశ్శబ్దం వదిలి మళ్ళీ పరుగెత్తే చోటు ఉంది. అది విని కూడా నోరు తెరవనివాడికి ఏ మండలీ అక్కర్లేదు, చెవుల డాక్టరు చాలు. అయితే ఈ పాట వినగానే "ఇది కాన్యే వెస్ట్ పాటలో వచ్చేది కదా" అని వెలిగిపోయే ముఖాలు ఎదురవుతున్నాయి. 2010లో ఆ ర్యాపర్ దీని ముక్కను వాడుకున్న మాట నిజమే. నిజమైనంత మాత్రాన పైకి అనాలని లేదు.

రెండో పాటలో ఫ్లూటు వచ్చి చెవులకు లేపనం రాస్తుంది. పెద్దలు దీన్ని గురించి ఎక్కువ మాట్లాడరు. తొలిసారి వింటేనే అందరికీ నచ్చేస్తుంది కాబట్టి అనుమానం. మూడోది 'ఎపిటాఫ్'. ఇక్కడే మెలోట్రాన్ విశ్వరూపం. కీ నొక్కితే లోపల ఒక టేపు ముక్క కదిలి, అందులో ముందే రికార్డు చేసి ఉంచిన వయొలిన్లో మరొకటో పలుకుతాయి. ఒక్కో ముక్క ఎనిమిది సెకన్లకు అయిపోతుంది. వేలు తీసి మళ్ళీ నొక్కాలి. ఎనిమిది సెకన్లకు ఊపిరి అయిపోయే వాద్యాన్ని నమ్ముకుని దాదాపు తొమ్మిది నిమిషాల విషాదం నిలబెట్టారు. అదీ ధైర్యం.

నాలుగోది 'మూన్‌చైల్డ్'. రభసంతా దీని గురించే. మొత్తం పన్నెండు నిమిషాల పైన. మొదటి రెండున్నర నిమిషాలు పాట. చక్కటి పాట. ఆ తర్వాత పాట పక్కకు తప్పుకుంటుంది. గిటారు ఒక మాట అంటుంది. కాసేపటికి వైబ్రాఫోన్ దానికి సంబంధం లేని ఇంకో మాట అంటుంది. డ్రమ్ము గొంతు సవరించుకుంటుంది. మళ్ళీ మౌనం. ఇలా తొమ్మిది నిమిషాల పైచిలుకు. ఈ సమయంలో తొలిసారి వినేవాడి మనసులో వరసగా వచ్చే ఆలోచనలను మేము నమోదు చేశాం: నెట్ ఆగిందా, హెడ్‌ఫోన్ ఒకవైపు పోయిందా, పాట అయిపోయిందా, నేను అయిపోయానా. నిబంధన ప్రకారం ఈ దశలో స్కిప్ నొక్కకూడదు, ఫోన్ చూడకూడదు, ఎంత అయిందో అసలే చూడకూడదు. ముఖం మీద "నాకు అర్థమవుతోంది" అన్న భావం నిలిపి ఉంచాలి. మెడ స్వల్పంగా ఊపవచ్చు. తాళం లేదు కాబట్టి ఎలా ఊపినా తప్పు కాదు.

ఈ నిబంధనకు పెద్ద అడ్డంకి ఒకే ఒక్కటి. దాని పేరు రాబర్ట్ ఫ్రిప్. 2009లో స్టీవెన్ విల్సన్ అనే సంగీతకారుడితో కలిసి ఆల్బంను కొత్తగా మిక్స్ చేయించినప్పుడు, ఈ మనిషి స్వయంగా ఒప్పుకుని 'మూన్‌చైల్డ్'లో దాదాపు మూడు నిమిషాలు కోయించాడు. పూర్తి నిడివి కావాలన్నవాళ్ళ కోసం దాన్ని విడిగా చివర్లో జత చేశారు. నలభై ఏళ్ళుగా ఆ మూడు నిమిషాల్లోనే అసలు మర్మమంతా ఉందని శిష్యులకు చెప్పుకొచ్చిన పెద్దల పరిస్థితి ఊహించండి. ఫ్రిప్ గిటార్ పాండిత్యం మీద మాకు అపారమైన గౌరవం. కానీ శ్రోతగా ఆయనకు తగిన శిక్షణ లేదని చెప్పక తప్పదు. మండలి ఏర్పడ్డాక ఆయన కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. మినహాయింపులు ఉండవు. ఆ కుర్రాడి మాటా ఈయన కత్తెరా ఒకే చోట పడ్డాయని ఎవరో సన్నగా గుర్తుచేశారు. ఆ వ్యాఖ్యను రికార్డుల నుంచి తొలగించాం.

చివరి పాటలో ఇంకో ప్రమాదం పొంచి ఉంది. ఏడు నిమిషాలు దాటాక మహా గంభీరంగా ముగుస్తుంది. తొలిసారి వినేవాడు గట్టిగా ఊపిరి వదిలి, హెడ్‌ఫోన్స్ తీసి, సభకు తన అభిప్రాయం చెప్పడానికి గొంతు సవరించుకుంటాడు. పాట అయిపోలేదు. కాసేపు ఆగి, సర్కస్ డేరా దగ్గర వినిపించే పీపీ లాంటిది ఒకటి మొదలై, బ్యాండ్ అంతా మళ్ళీ లేచి, ఈసారి మధ్యలో కరెంటు పోయినట్టు టక్కున ఆగిపోతుంది. ఇది వినకుండా లేచినవాళ్ళు ఆల్బం విన్నట్టు లెక్కలోకి రారు. వాళ్ళు మళ్ళీ మొదటి నుంచి తొలిసారి వినాలి. రెండోసారి వినేది తొలిసారి ఎలా అవుతుందని కొందరు దరఖాస్తుదారులు అభ్యంతరం లేవదీశారు. దీన్ని 'తొలిసారి, సవరణ ప్రతి' కింద నమోదు చేయాలని ముసాయిదాలో చేర్చాను. రుసుము ఏమీ ఉండదు. 'మూన్‌చైల్డ్' మాత్రం 1969 నాటి పూర్తి నిడివే వినాలి, 2009 నాటిది చెల్లదు.