లేబుల్ మీద మేత, ప్రచారంలో మందు

కోళ్ల రైతు భయాన్ని సీసాల్లో నింపి అమ్మే వ్యాపారం విశాఖ పరిసరాలకూ చేరింది. ఆనందపురం, పద్మనాభం, సబ్బవరం వైపు దాణా దుకాణాల్లో, రైతుల వాట్సాప్ గ్రూపుల్లో మొక్కల పాలీశాకరైడ్లు అనే పదార్థాలతో చేశామంటూ ‘యాంటీవైరల్’ ద్రావణాలు, పొడులు చెలామణి అవుతున్నాయి. కొక్కెర తెగులు (రానీఖెత్), గంబోరో అనే మరో వైరస్ వ్యాధి, చివరికి బర్డ్‌ఫ్లూ కూడా వీటితో తగ్గిపోతాయట! సీసా వెనక్కి తిప్పి చూస్తే చిన్న అక్షరాల్లో ‘దాణా పూరకం’ అని ఉంటుంది. అమ్మేటప్పుడు మందు, లైసెన్సు అడిగితే మేత. ఈ రెండు నాలుకల వ్యాపారాన్ని పశుసంవర్ధక శాఖ, ఔషధ నియంత్రణ అధికారులు చూస్తూ ఊరుకోవడం ఆందోళనకరం.

2025 ఫిబ్రవరిలో బర్డ్‌ఫ్లూ వచ్చి గోదావరి జిల్లాల ఫారాల్లో ఏం జరిగిందో పాఠకులకు మళ్లీ చెప్పనక్కర్లేదు. అప్పటి నుంచి షెడ్డులో నాలుగు కోళ్లు మెడలు వాల్చితే చాలు, రైతుకు కంటి మీద కునుకు ఉండటం లేదు. అప్పు తెచ్చి బ్యాచ్ వేసినవాడు ఆ గాభరాలో ఏ సీసానైనా కొంటాడు. అతన్ని తప్పుపట్టే ఉద్దేశం మాకు లేదు.

పాలీశాకరైడ్ల పరిశోధన బూటకమని కూడా మేము అనడం లేదు. చక్కెర అణువులు గొలుసుగా కలిసి ఏర్పడిన పెద్ద పదార్థాలివి. వాటిలో సల్ఫేటు ఉన్నవి రుణావేశంతో (నెగెటివ్ చార్జితో) ఉంటాయి. అందువల్ల వైరస్ వచ్చి శరీర కణానికి అంటుకోకుండా అడ్డుపడగలవు. జపాన్‌లో తినే మొజుకు అనే సముద్రపు నాచు నుంచి తీసిన ఫ్యూకోయిడాన్ కొక్కెర తెగులు వైరస్‌ను బాగానే నిలువరించిందని 2012లో ఒక అధ్యయనం వెలువడింది. అయితే ఆ ప్రయోగం జరిగింది వీరో కణాలలో, అంటే ఆఫ్రికా కోతి మూత్రపిండం నుంచి తీసి ప్రయోగశాలలో పెంచే కణాలలో. ఆ ప్రభావం కూడా ప్రధానంగా వైరస్ కణంలోకి చొరబడే తొలి దశలోనే. చైనాలో ఆస్ట్రాగలస్ మొక్క పాలీశాకరైడ్లను కోళ్లకే ఇచ్చి చూశారు, ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) పెరిగాయన్నారు. కానీ టీకాతో పాటు ఇచ్చారు. మన సీసాల వారు టీకా ఊసే ఎత్తరు.

ఇంత పెద్ద అణువును నీళ్లలో కలిపి తాగిస్తే పేగు గోడ దాటి ఎంత లోపలికి వెళుతుంది? శ్వాసనాళంలో, నరాలలో విజృంభించే వైరస్‌ను ఎలా చేరుతుంది? ముప్పై, నలభై రోజుల్లో అమ్ముడుపోయే బ్రాయిలర్‌కూ, ఏడాదికి పైగా గుడ్లు పెట్టే లేయర్‌కూ మోతాదు ఒకటేనా? మొక్క కోసిన కాలాన్ని బట్టి, సారం తీసిన పద్ధతిని బట్టి గొలుసు పొడవు, సల్ఫేటు పాళ్లు మారిపోతాయి. ఈ సీసాలో ఉన్నదే వచ్చే నెల సీసాలోనూ ఉంటుందని ఎవరు పరీక్షించారు? ఒక్కదానికీ జవాబు లేదు. గాజు పాత్రలో వచ్చిన ఫలితాన్ని కోళ్ల షెడ్డుకు అంటగట్టడం వాపును చూసి బలుపనుకోవడమే.

మొక్కల నుంచి తీసింది కాబట్టి హాని ఉండదని, యాంటీబయాటిక్‌ల వాడకం తగ్గుతుందని అమ్మేవారి వాదన. యాంటీబయాటిక్‌లకు వైరస్ ఎలాగూ చావదు కనుక ఆ రెండో మాటను పక్కన పెడదాం. హాని సంగతికి వస్తే, ఈ ద్రావణాన్ని నమ్మి, కొక్కెర తెగులు రాకుండా వేసే లాసోటా టీకాను వాయిదా వేసిన రైతు పరిస్థితి ఏమిటి? టీకా పడని మందలో ఉధృతమైన కొక్కెర తెగులు ప్రవేశిస్తే దాదాపు అన్ని కోళ్లూ పోవచ్చు. బర్డ్‌ఫ్లూ అయితే మరీ ప్రమాదం. అనుమానం వచ్చిన వెంటనే అధికారులకు చెప్పాలని 2009 నాటి జంతువుల అంటువ్యాధుల నివారణ చట్టం నిర్దేశిస్తోంది. నిర్ధారణ అయితే కిలోమీటరు పరిధిలో కోళ్లను చంపి పూడ్చాలి, పది కిలోమీటర్ల వరకు నిఘా పెట్టాలి. ‘రెండు రోజులు ఈ మందు తాగించి చూద్దాం’ అని రైతు ఆగితే, ఆ రెండు రోజుల్లో గుడ్ల ట్రేలు, దాణా లారీలు, కూలీల చెప్పులు వైరస్‌ను ఎన్ని ఊళ్లకు మోసుకెళతాయో! పల్నాడులో ఒక చిన్నారిని 2025లో ఈ వైరస్ బలి తీసుకుంది.

1940 నాటి ఔషధాల చట్టం ప్రకారం జంతువులలో రోగాన్ని నయం చేయడానికో, నివారించడానికో ఉద్దేశించిన పదార్థమూ మందే. వైరస్‌ను చంపుతుందని చెప్పిన క్షణమే అది మందు అవుతుంది. లేబుల్ మీద ఏం రాసుకున్నా సరే. ఈ ఒక్క సీసాను వదిలేస్తే మేత పేరుతో ఏ మందునైనా అమ్ముకోవచ్చని అనుమతి ఇచ్చినట్లే. రేపు పశువుల లంపీ స్కిన్‌కూ ఇదే దారి, భీమిలి రొయ్యల చెరువుల్లో తెల్లమచ్చల వ్యాధికీ ఇదే దారి. మేత ముసుగులో మందులు ఎంత దూరం పోతాయో మనకు తెలియనిది కాదు. మనుషులకు ఆఖరి అస్త్రంగా దాచుకోవాల్సిన కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను కోళ్ల ఎదుగుదల కోసం ఏళ్ల తరబడి దాణాలో కలిపారు. కేంద్రం దాన్ని నిషేధించేసరికి 2019 వచ్చింది.

2021లో కరోనాకంటూ పంచిన కృష్ణపట్నం మందు కోసం ఎగబడిన జనాన్ని చూసి మూఢత్వమని ఈసడించిన చదువరులు, అదే పని శాస్త్రీయ పేరు తగిలించుకుని వస్తే మాట్లాడరేం? ఆ మందు పంచినవారిని ఆధారాలు చూపమని అడిగాం. లాభానికి అమ్మేవారిని అడగడానికి మొహమాటం దేనికి?

పరీక్షించి తేల్చడానికి మనకు దిక్కు లేకపోలేదు. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫార్మసీ విభాగం ఉంది, రుషికొండ నుంచి భీమిలి దాకా రాళ్ల మీద నాచు ఉంది. టీకా వేసిన కోళ్లపైనా, వేయని కోళ్లపైనా పకడ్బందీగా ప్రయోగించి ఫలితం బయట పెట్టమనండి. పని చేస్తే లైసెన్సు ఇవ్వండి, మేమే మొదటి పేజీలో వేస్తాం. అందాకా ‘యాంటీవైరల్’ అన్న మాట ఉన్న ప్రతి సీసా నమూనా తీయాలి, ఆ ప్రచారం ఆపించాలి. కోళ్లు చచ్చాక రక్షణ దుస్తులు తొడుక్కుని, జేసీబీలు వెంటబెట్టుకుని పరుగెత్తుకొచ్చే అధికారులకు, కోళ్లు బతికి ఉండగా దాణా దుకాణం మెట్లెక్కడానికి ఎవరి అనుమతి కావాలి?